చెసపీక్ అఖాతంలో పోషక కాలుష్య నియంత్రణ: మురుగునీటి కేంద్రాల చరిత్ర

అమెరికా తూర్పు తీరంలోని చెసపీక్ అఖాతంలోకి న్యూయార్క్ నుంచి వర్జీనియా దాకా ఆరు రాష్ట్రాల నీళ్ళు, రాజధాని వాషింగ్టన్ నగరం నీళ్ళు వచ్చి చేరతాయి. దాని పరీవాహక ప్రాంతం సుమారు 1,66,000 చదరపు కిలోమీటర్లు. అఖాతం సగటు లోతు మాత్రం ఆరున్నర మీటర్లకు మించదు. అంత నేల నుంచి కొట్టుకొచ్చే నత్రజని, భాస్వరం ఇంత లోతు తక్కువ నీటిలో చేరితే ఎరువు వేసిన మడిలా నాచు విరగబెరుగుతుంది. నీటి అడుగున గడ్డికి వెలుతురు అందదు. నాచు చచ్చి కుళ్ళేటప్పుడు నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్ ఖర్చయిపోతుంది, వేసవిలో లోతు నీళ్ళు జలచరాలు బతకలేని చోటుగా మారతాయి. ఈ పోషకాలు మురుగునీటి నుంచే కాక పొలాల నుంచి, పశువుల పేడ నుంచి, పట్టణాల వాననీటి నుంచి, పొగ నుంచి కూడా వస్తాయి. వీటన్నిటిలో 2025 నాటికి చేరాల్సిన తగ్గింపు లక్ష్యాన్ని 2016 నాటికే అందుకున్నది మురుగునీటి శుద్ధి రంగం ఒక్కటే. ఈ విజయాన్ని సాంకేతికతకో రాష్ట్రాల పరస్పర సహకారానికో ఆపాదించడం పరిపాటి. ఆ రెండూ అంతకు ఇరవై ఏళ్ళ ముందు నుంచే ఉన్నాయి. పర్మిట్‌లో ప్రతి గొట్టానికీ ఒక అంకె రాసి, అది దాటితే శిక్ష ఉంటుందని తేల్చి, దాన్ని నిలబెట్టుకోవడానికి డబ్బు సమకూర్చిన తరువాతే పరిస్థితి మారింది.

1972 నాటి స్వచ్ఛజల చట్టం నదిలోకి నీరు వదిలే ప్రతి గొట్టానికీ పర్మిట్ తప్పనిసరి చేసింది. అయితే ఆ పర్మిట్లు చూసింది ముఖ్యంగా సేంద్రియ మలినాన్నీ, నీటిలో తేలే ఘనపదార్థాన్నీ. రెండింటికీ నెలసరి సగటున లీటరుకు 30 మిల్లీగ్రాముల హద్దు పెట్టి, నత్రజనిని వదిలేశారు. చూపుకు తేటగా ఉన్న నీరే అఖాతానికి ఎరువై ప్రవహించింది. మేరీలాండ్‌లోని పటక్సెంట్ నది దగ్గర ఈ లోపం బయటపడింది. ఎగువన వాషింగ్టన్ శివార్లు పెరుగుతుంటే దిగువన నది మసకబారింది. స్థానిక నాయకుడు బెర్నీ ఫౌలర్ చొరవతో దక్షిణ మేరీలాండ్ కౌంటీలు 1970ల చివర రాష్ట్రం మీద, కేంద్ర పర్యావరణ సంస్థ మీద దావా వేశాయి. భాస్వరం తీస్తే చాలన్నది అప్పటి ప్రభుత్వ వాదన. మంచినీటి చెరువుల విషయంలో అది చాలావరకు నిజమే. కానీ ఉప్పునీరు కలిసే చోట నాచు పెరుగుదలకు నత్రజనే కీలకమని శాస్త్రవేత్తలు వాదించారు. 1981లో కుదిరిన రాజీతో రెండింటినీ తగ్గించాలన్న సూత్రం నిలబడింది. వాటిని మురుగునీటి నుంచి తీయడం ఖర్చుతో కూడిన పనే తప్ప అసాధ్యం కాదు. గాలి పట్టి అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చి, ఆ తరువాత గాలి అందని తొట్టెలో బాక్టీరియాకు మిథనాల్ లాంటి కర్బనాన్ని ఆహారంగా ఇస్తే, నైట్రేట్ నత్రజని వాయువుగా మారి ఎగిరిపోతుంది. భాస్వరాన్ని ఇనుప లవణాలతో అడుగుకు దించవచ్చు.

పద్ధతి తెలిసినా పని నత్తనడక నడిచింది. అఖాతం కోసం రాష్ట్రాలు, కేంద్ర పర్యావరణ సంస్థ కుదుర్చుకున్న 1983 ఒప్పందం సహకారానికి పరిమితమైంది. 1987 ఒప్పందం 2000 నాటికి పోషకాలను 40 శాతం తగ్గిస్తామంది. గడువు వచ్చింది, లక్ష్యం అందలేదు. ఈ కాలంలో నిజంగా పనిచేసింది సబ్బుపొడుల్లో ఫాస్ఫేట్ల నిషేధం. మేరీలాండ్ 1985లోనే దాన్ని తెచ్చింది. అది బతిమాలింపు కాదు, నిషేధం. 1999లో కోర్టు ద్వారా కుదిరిన ఒక పరిష్కారం కాలుష్య పరిమితి నిర్ణయించడానికి కేంద్ర పర్యావరణ సంస్థకు గడువు పెట్టాక వేగం పెరిగింది. 2004లో మేరీలాండ్ ప్రతి ఇంటిపై నెలకు 2.50 డాలర్ల రుసుము విధించింది. జనం దాన్ని ‘ఫ్లష్ టాక్స్’ అన్నారు. 2012లో దాన్ని రెట్టింపు చేశారు. ఆ సొమ్ముతో 67 పెద్ద కేంద్రాలను లీటరుకు 3 మిల్లీగ్రాముల నత్రజని, 0.3 మిల్లీగ్రాముల భాస్వరం స్థాయికి తేవాలని సంకల్పించారు. వాషింగ్టన్‌లోని బ్లూ ప్లెయిన్స్ కేంద్రం సుమారు వంద కోట్ల డాలర్లతో నత్రజని తొలగింపును విస్తరించింది. చివరికి 2010 డిసెంబరు 29న కేంద్ర పర్యావరణ సంస్థ మొత్తం అఖాతానికి ఏటా 18.59 కోట్ల పౌండ్ల నత్రజని, 1.25 కోట్ల పౌండ్ల భాస్వరం అన్న పరిమితి ప్రకటించి, దాన్ని రాష్ట్రాల వారీగా, రంగాల వారీగా పంచింది. వ్యవసాయ సంఘాల సమాఖ్య దీన్ని సవాలు చేసింది. 21 రాష్ట్రాలు వంత పాడాయి. 2015లో అప్పీలు కోర్టు పర్యావరణ సంస్థ వైపే తీర్పు చెప్పగా, 2016లో సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది.

ఈ పర్మిట్ల విధానానికి బలమైన అభ్యంతరం ఒకటి ఉంది: పోషకాల్లో పెద్ద వాటా వ్యవసాయానిది కాబట్టి సులువుగా దొరికిన గొట్టాలను పట్టుకుని అసలు దోషిని వదిలేశారని. వాటా విషయం నిజం. కానీ పొలాల మీదుగా పారే వాననీటిని చట్టమే పర్మిట్ల పరిధి నుంచి మినహాయించింది. అక్కడ రాయితీలు, సలహాలు, స్వచ్ఛంద ప్రణాళికలు నడిచాయి, ఫలితం లక్ష్యానికి దూరంగానే ఉండిపోయింది. పొలానికి గొట్టంలా మీటర్ బిగించలేమన్నది సరే, అది అమలును కష్టతరం చేసే కారణమే గానీ అంకె వ్యర్థమనడానికి సాక్ష్యం కాదు. ఇంకొందరు ఘనతను వర్జీనియా 2005లో ప్రవేశపెట్టిన క్రెడిట్ల మార్పిడికి కట్టబెడతారు. ఒకే నదీ పరీవాహకంలోని కేంద్రాలు పరిమితిలో మిగిలినదాన్ని ఒకదానికొకటి అమ్ముకోవచ్చు. ఖర్చు తగ్గించడంలో ఇది ఉపయోగపడింది. అయితే పరిమితి బిగువుగా ఉన్నందువల్లే ఆ మిగులుకు ధర పలికింది.

అంకె తనంతట తాను అమలు కాదని మాత్రం బాల్టిమోర్ నిరూపించింది. కోట్లు వెచ్చించి ఆధునికీకరించిన బ్యాక్ రివర్ కేంద్రంలో 2021లో తీవ్ర ఉల్లంఘనలు బయటపడ్డాయి. సిబ్బంది కొరత, పాడైన యంత్రాలే కారణం. 2022 మార్చిలో రాష్ట్ర సంస్థను రంగంలోకి దించాల్సి వచ్చింది. పర్మిట్ ఉన్నందువల్లే ఆ ఉల్లంఘనను కోర్టులో నిలదీయగలిగారన్నది దీనికి మరో పార్శ్వం. మున్ముందు ఒత్తిడి మరో వైపు నుంచి రానుంది. పెద్ద కేంద్రాల పరిమితి లీటరు లెక్కలోనే కాక ఏడాది మొత్తం బరువులోనూ ఉంది, పరీవాహకంలో జనాభా మాత్రం పెరుగుతూనే ఉంది. ఇవాళ మిగులుగా కనిపిస్తున్న సామర్థ్యాన్ని కొత్తగా కట్టే ఇళ్ళు మెల్లగా వాడేసుకుంటాయి. ఆ మిగులు చూపి ఇతర రంగాల లోటు పూడ్చుకుంటున్న రాష్ట్రాలకు ఆ వెసులుబాటు అప్పుడు ఉండదు.