తేదీ లేని నిషేధాలు

హైటెక్ సిటీ చరిత్ర చెప్పేవారంతా 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభంతో మొదలుపెట్టి కంపెనీల జాబితాతో ముగిస్తారు. ఆ దారిలోనే మరికొంత ముందుకు వెళ్తే గచ్చిబౌలిలో జి.ఎం.సి. బాలయోగి క్రీడాప్రాంగణం ఉంది. 2002 జాతీయ క్రీడల కోసం కట్టినది. మరుసటి ఏడాది ఈ నగరం ఆఫ్రో-ఆసియా క్రీడలకూ ఆతిథ్యమిచ్చింది. కంప్యూటర్లతోపాటు ఆటలు కూడా కొత్త హైదరాబాదుకు గుర్తింపు తేవాలని నాటి పాలకుల ఆలోచన. ఆ ఆలోచన మంచిచెడ్డలు మరోసారి మాట్లాడుకుందాం. ఆ 2003 క్రీడల్లో పదహారేళ్ళ స్థానిక బాలిక ఒకతె టెన్నిసులో నాలుగు స్వర్ణపతకాలు గెలిచింది. అంతకు కొద్ది నెలల ముందే వింబుల్డన్‌లో బాలికల డబుల్స్ టైటిల్ కూడా తెచ్చుకుంది. ఆమె పేరు సానియా మీర్జా అని చదువరులకు వేరే చెప్పనక్కరలేదు.

2005 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఓపెన్ తుదిపోరులో ఉక్రెయిన్ క్రీడాకారిణి అల్యోనా బొండరెంకోను ఓడించి, డబ్ల్యు.టి.ఏ. సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయ మహిళగా నిలిచింది. సొంత ఊళ్ళో, సొంత జనం ముందు. అదే సంవత్సరం యు.ఎస్. ఓపెన్‌లో నాలుగో రౌండు దాకా వెళ్ళింది. ఆ ఆట ముగిసి వారం తిరక్కముందే, సున్నీ ఉలేమా బోర్డు పేరుతో ఒక మతపెద్ద ఆమె దుస్తులను తప్పుపట్టాడన్న వార్త దేశమంతా పాకింది. పొట్టి లాగులు, స్కర్టులు, చేతులు లేని చొక్కాలు ఇస్లాం అనుమతించదనీ, ఆమెను చూసి యువతులు చెడిపోతారనీ ఆయన వాదన.

పత్రికలు దీన్ని ఫత్వా అన్నాయి. ఫత్వా అంటే ఆజ్ఞ అని మనలో చాలామంది అనుకుంటారు. కాదు. అడిగిన ప్రశ్నకు ధర్మశాస్త్రం తెలిసినవాడు చెప్పే అభిప్రాయం అది. దాన్ని అమలుచేయించే యంత్రాంగం ఈ దేశంలో ఏ మతపెద్ద చేతిలోనూ లేదు. రాజ్యం కూడా ఆ అమ్మాయి పక్షానే నిలిచింది. అదే నెలలో కలకత్తాలో జరిగిన సన్‌ఫీస్ట్ ఓపెన్‌లో ఆమె గట్టి పోలీసు బందోబస్తు మధ్య ఆడింది. దుస్తులు మారలేదు, ఆట ఆగలేదు. కథ ఇక్కడితో ముగించి ఆధునికత గెలిచిందని చప్పట్లు కొట్టవచ్చు. చాలామంది కొట్టారు కూడా. పద్దెనిమిదేళ్ళ పిల్ల బంతి ఆడాలంటే చుట్టూ తుపాకులు ఉండాల్సి రావడం గెలుపెలా అవుతుందో నాకు మాత్రం అంతుపట్టలేదు. ఆ మాటకొస్తే, ఆ దుస్తులను తిట్టినవారూ, ఆ ఛాయాచిత్రాలనే మొదటి పేజీలో పరిచి పత్రికలు అమ్ముకున్నవారూ చూసింది ఒకదాన్నే. ఆమె ఫోర్‌హ్యాండ్ గురించి రాసినవారు ఎందరు?

ఇక్కడ కొంచెం దూరం వెళ్ళివద్దాం. ఎందుకంటే స్త్రీలను మైదానం నుంచి తప్పించడమనగానే మనకు తట్టే ఉదాహరణ వేరే ఉంది, దానికి స్పష్టమైన తేదీ కూడా ఉంది. గాజా పట్టీ పొడవు సుమారుగా ఒక మారథాన్ దూరం. ఈ చిత్రమైన సమానత్వాన్ని ఆసరా చేసుకుని, పాలస్తీనా శరణార్థుల కోసం పనిచేసే ఐక్యరాజ్యసమితి సంస్థ 2011లో అక్కడ మారథాన్ మొదలుపెట్టింది. ఉత్తరాన బెయిత్ హనూన్ నుంచి దక్షిణాన రఫా దాకా. 2012లోనూ జరిగింది. స్త్రీలు పాల్గొన్నారు, బాలికలూ పరుగెత్తారు. మూడోది 2013 ఏప్రిల్ 10న జరగవలసింది. 2007 నుంచి గాజాను ఏలుతున్న హమాస్ అధికారులు స్త్రీలు పాల్గొనరాదన్నారు. అయితే మాకు పరుగే వద్దని నిర్వాహక సంస్థ మార్చి 5న రద్దు ప్రకటించింది. హమాస్ వారు చెప్పిన కారణం గమనించదగినది: పరుగు మీద తమకు అభ్యంతరం లేదు, స్త్రీపురుషులు వీధిలో కలిసి పరుగెత్తడం మీదనే అభ్యంతరం. ఆ ఏప్రిల్‌లోనే తొమ్మిదేళ్ళు దాటిన బాలబాలికలకు వేర్వేరు బడులన్న చట్టమూ వచ్చింది.

ఇదే గాజా నుంచి సనా అబు బఖీత్ అనే యువతి 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో 800 మీటర్ల పరుగులో పాల్గొన్నదని గుర్తుపెట్టుకుంటే, ఆ సమాజం సహజంగానే అలాంటిదన్న తీర్పు నిలవదు. అది అధికారంలో ఉన్నవారు గీసిన గీత. అలాగే ఆ 2013 ఏప్రిల్‌లోనే వెస్ట్ బ్యాంక్‌లోని బెత్లెహేమ్‌లో తొలి పాలస్తీనా మారథాన్ జరిగింది, స్త్రీలు పాల్గొన్నారు. అక్కడ మరో చిక్కు. గోడలూ తనిఖీ కేంద్రాలూ అడ్డు లేకుండా 42 కిలోమీటర్ల దారి దొరకక, పరుగెత్తినవారు ఒకే దారిలో మళ్ళీ మళ్ళీ తిరగవలసి వచ్చింది. మరుసటి ఏడాది గాజాకు చెందిన ఒలింపిక్ పరుగువీరుడు నాదర్ అల్ మస్రీని బెత్లెహేముకు రానివ్వడానికి ఇజ్రాయెల్ ఒప్పుకోలేదు. పరుగును ఆపేవాడు ఒక్కడే కాదన్నమాట. 2023 అక్టోబరు తర్వాతి యుద్ధంలో ఆ గాజాలో మైదానాలే చాలావరకు మిగల్లేదు.

గాజా విషయంలో చరిత్రకారుడి పని ఒక రకంగా సులువు. నిషేధించినది ఎవరో తెలుసు, ఎప్పుడో తెలుసు, కారణం వాళ్ళ నోటనే విన్నాం. మన ఊరికి తిరిగివస్తే ఇవేవీ దొరకవు.

2005 నవంబరులో సురక్షిత శృంగారం గురించిన చర్చలో సానియా అన్న మాటపై దిష్టిబొమ్మలు తగలబెట్టారు. 2007 డిసెంబరులో మక్కా మసీదు ఆవరణలో వాణిజ్య ప్రకటన చిత్రీకరణ మీద పోలీసు కేసు నమోదైంది. ఆమె క్షమాపణ చెప్పింది. 2008 జనవరిలో పెర్త్‌లో పోటీ చూస్తూ కాళ్ళు బల్లమీద పెట్టుకోగా, పక్కనే జాతీయజెండా ఉన్న ఫోటో ఒకటి బయటికి వచ్చింది. జెండాను అవమానించిందంటూ భోపాల్‌లో ఫిర్యాదు. మొదటి రెండు సందర్భాల్లో నొచ్చుకున్నవారు ఒక మతంవారు, మూడోసారి నొచ్చుకున్నవారు దేశభక్తులు. వేర్వేరు శిబిరాలు, గురి మాత్రం ఒకటే. ఆ ఫిబ్రవరిలో ఆమె ప్రకటించింది: దేశంలో ఆడిన ప్రతిసారీ ఏదో ఒక గొడవ వస్తోంది కనుక బెంగుళూరు ఓపెన్‌లో ఆడను. ఈ బెంగుళూరు ఓపెన్ మరేదో కాదు, 2005 దాకా హైదరాబాద్ ఓపెన్‌గా నడిచి, 2006లో అక్కడికి తరలిన పోటీయే. అంటే తనను నిలబెట్టిన పోటీకే మూడేళ్ళ తర్వాత ఆమె రాలేదు.

ఆమెను ఎవరూ నిషేధించలేదు. ఏ కాగితమ్మీదా ఎవరూ సంతకం పెట్టలేదు. ఫత్వాకు లొంగని మనిషిని వరుస విసుగులు స్వదేశపు మైదానం నుంచి తప్పించాయి, కొంతకాలమే అయినా. (2010 ఢిల్లీ కామన్వెల్తు క్రీడల్లో ఆడి సింగిల్స్ రజతం గెలిచింది.) నా మట్టుకు 2005 ఫత్వా కంటే 2008 నాటి ఈ నిర్ణయమే పెద్ద సంఘటన. పత్రికల్లో మొదటిది మోగినంతగా రెండోది మోగలేదు. 2014 జూలైలో తెలంగాణ ప్రభుత్వం ఆమెను రాష్ట్ర ప్రచారకర్తగా నియమిస్తే, పాకిస్తాను కోడలికి ఆ గౌరవమేమిటని ఒక శాసనసభ్యుడు అడిగాడు. 2015లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాక ఆ ప్రశ్న అడిగేవారు తగ్గారు. ఆడపిల్లకు పౌరసత్వం నిరూపించుకోవడానికి ప్రపంచ ప్రథమ స్థానం కావలసి వచ్చింది.

ఇదంతా ఒక మతం గొడవ అనుకునేవారికి శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట పేరు గుర్తుచేయాలి. ఆముదాలవలస దగ్గరి ఊరు. కరణం మల్లీశ్వరి అక్కడ నీలంశెట్టి అప్పన్న దగ్గర బరువులెత్తడం నేర్చింది. 1994లో, 1995లో ప్రపంచ విజేత. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కు ఆమె వెళ్ళలేదు, వెళ్ళే వీలే లేదు. స్త్రీలకు అక్కడ వెయిట్‌లిఫ్టింగ్ పోటీయే లేదు మరి! మగవాళ్ళకు 1896 మొదటి ఒలింపిక్స్ నుంచి ఉన్న ఆట, ఆడవాళ్ళకు 2000 సిడ్నీలో వచ్చింది. మల్లీశ్వరి అక్కడ 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. అట్లాంటాలో ఆమెను ఆపినది ఏ మతపెద్దా కాదు. కోట్లు తొడుక్కున్న ఒలింపిక్ పెద్దలు. 1928లో ఆడవాళ్ళు 800 మీటర్లు పరుగెత్తి అలసిపోయారని ఆ పరుగును 1960 దాకా తీసేసినదీ ఆ పెద్దలే. 2011లో తలగుడ్డ కట్టుకున్నారని ఇరాన్ అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టును ఒలింపిక్ అర్హత పోటీ నుంచి వెనక్కి పంపిన ఫీఫా పెద్దలూ అదే జాతి. ఒకరు కప్పుకోమంటారు, ఒకరు తీసేయమంటారు. ఎటుచూసినా ఆట పోయేది ఆ పిల్లలకే.

2005 వింబుల్డన్‌లో సానియా ఒక బొమ్మచొక్కా వేసుకుంది. బుద్ధిగా ఉండే ఆడవాళ్ళు చరిత్రకెక్కడం అరుదన్న అర్థం వచ్చే వాక్యం దానిమీద. అందరూ దాన్ని పొగరు అనుకున్నారు. ఆ వాక్యం మూలం లారెల్ థాచర్ ఉల్రిచ్ అనే అమెరికా చరిత్రకారిణి 1976లో రాసిన వ్యాసం. ఆమె ఉద్దేశం వేరు. న్యూ ఇంగ్లండులో భక్తిగా, అణకువగా బతికిన స్త్రీలను చరిత్ర పట్టించుకోలేదని ఆవిడ ఫిర్యాదు. చొక్కా మీదికెక్కేసరికి ఫిర్యాదు కాస్తా సవాలైంది. మన విషయానికి మొదటి అర్థమే ఎక్కువ పనికొస్తుంది. సానియా చరిత్రకెక్కింది. ఎనిమిదో తరగతిలో రాకెట్టు అటక ఎక్కించిన పిల్లలు ఎక్కలేదు. పెద్దమనిషయింది కదా ఇక చాలన్న అమ్మమ్మ మాటకు, నల్లబడితే సంబంధాలు రావన్న పిన్ని మాటకు, చీకటి పడ్డాక మైదానం నుంచి ఎవరు తీసుకొస్తారన్న నాన్న భయానికి ఏ దస్తావేజుల భాండాగారంలోనూ చోటు లేదు. ఈ మూడో భయం ఉత్తది కాదు కూడా. రాత్రిపూట కంపెనీ కారులో, కాపలాతో ఇంటికి చేరే ఉద్యోగినులున్న సైబరాబాదులో, ఆడపిల్ల ఒంటరిగా బూట్లు వేసుకుని రోడ్డుమీదికి రావడం ఇప్పటికీ నలుగురూ తలతిప్పి చూసే దృశ్యమే. హైదరాబాద్ మారథాన్ ముగిసేది గచ్చిబౌలి స్టేడియంలోనే. ఆ ఒక్క ఆదివారం రోడ్లు మూసి, పోలీసులు నిలబడి ఉండగా ఆడవాళ్ళు వందలుగా పరుగెత్తుతారు. సోమవారం సంగతే చూడాలి.

నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ మొదట పరుగుపందేల పిల్ల. తండ్రి జమీల్ అహ్మద్ కూడా ఒకప్పుడు క్రీడాకారుడే. పొట్టి లాగుతో పిల్ల బయట తిరుగుతోందని చుట్టాలు ఆయనకు చెప్పకపోలేదు. మొదటి దెబ్బలతో ముఖం వాచి ఇంటికొచ్చినప్పుడు, నిన్నెవరు చేసుకుంటారే అని తల్లి ఏడ్చింది. 2011లో అంటాల్యాలో జూనియర్ ప్రపంచ విజేత అయింది, 2022 మేలో ఇస్తాంబుల్‌లోనూ 2023 మార్చిలో ఢిల్లీలోనూ పెద్దల ప్రపంచ విజేత. ఈ గెలుపులన్నిటికీ ముందు, నిజామాబాద్ మైదానంలో పోటీలు చూస్తూ ఆ పిల్ల తండ్రిని ఒకటి అడిగింది: అన్ని ఆటల్లోనూ ఆడపిల్లలున్నారు, బాక్సింగులో ఎందుకు లేరు? ఆడపిల్లలకు అంత బలం లేదని జనం అనుకుంటారు, అందుకని, అన్నాడాయన. ఆ మాట పట్టుకునే ఆమె చేతికి గ్లవ్స్ తొడిగింది. ఆ రోజుల్లో అక్కడ నేర్చుకునేవాళ్ళంతా మగపిల్లలే, మొదటి దెబ్బలు కొట్టినదీ వాళ్ళే.