ప్రజా జీవితములో మన విశ్వాసము: చర్ల నుండి ఒక చూపు



మా చర్లలో పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడెల్లా రెండు మాటలు వినబడును. మందిరమునకు వెలుపలివారు కొందరు, "మీ మతము మీ ఇంటిలో ఉండవలె, నలుగురి పనిలోనికి తేకండి" అందురు. మందిరములోనివారే కొందరు, "మనమందరము ఒక్క మాట మీద ఓట్లు వేసినచో మన పనులు జరుగును, ఆ మాట ఏదో గురువుగారే ప్రసంగ వేదిక నుండి చెప్పవలె" అందురు. ఈ రెండింటిలో ఏది సరియైనది? రెండును సరియైనవి కావని మన అధ్యక్ష ఖండపు చరిత్ర చెప్పుచున్నదని మా అభిప్రాయము. ఈ శతాబ్ది సంచికలో ఆ చరిత్రను మా అడవి అంచు నుండి చూచి, కొద్దిగా విన్నవించుకొనుచున్నాము.

మొదట మా స్థలమును గురించి. చర్ల భద్రాచలమునకు ఎగువన, గోదావరి ఎడమ గట్టు వైపున, నేటి ఛత్తీస్‌గఢ్ అడవులను ఆనుకొని ఉన్నది. చర్ల, నూగూరు, ఆల్బాక తాలూకాలు ఒకప్పుడు మధ్యరాష్ట్రములలో ఉండెడివి. 1909 ప్రాంతమున మద్రాసు రాజధానిలోనికి వచ్చినవి. అటుపిమ్మట తూర్పు గోదావరి జిల్లాలో ఉండి, 1959లో ఖమ్మము జిల్లాలో చేరినవి. 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడినది. 2016లో మా మండలము భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనికి పోయినది. తాతలు, మనుమలు అదే ఊరిలో ఉండగానే కచేరీ మాత్రము ఇన్ని చోట్లకు మారినది. కనుక ప్రభుత్వమనగా దూరమున ఉండు వస్తువు అను తలంపు మా పెద్దలలో చాలా కాలము ఉండెను.

అయితే మతమునకు, ప్రభుత్వమునకు గల సంబంధము మా ప్రాంతమునకు కొత్త విషయము కాదు. పదిహేడవ శతాబ్దములో ఈ భాగమున తహశీల్దారుగా ఉన్న కంచర్ల గోపన్నగారు ఖజానా సొమ్ముతో భద్రాచల రామాలయము కట్టించి, తానీషా కాలమున గోలకొండ చెరసాలలో ఉండినారు. నేటికిని శ్రీరామనవమి కల్యాణమునకు ప్రభుత్వము తరఫున పట్టు వస్త్రములు, ముత్యాల తలంబ్రాలు వచ్చుచున్నవి. తప్పు పట్టుటకు ఈ కథను చెప్పుట లేదు. విశ్వాసమును ఇంటిలో పెట్టి తాళము వేయుట ఈ గోదావరి గట్టున ఎవరికిని అలవాటు లేదని చెప్పుటకే చెప్పుచున్నాము.

మన విశ్వాసము కూడ ఇక్కడికి ఒక ప్రభుత్వోద్యోగి వెంటనే వచ్చినది. 1860 ప్రాంతమున గోదావరిపై పడవల రాకపోకలకు మార్గము చేయుటకు దుమ్ముగూడెము వద్ద పనులు జరుగుచుండగా, ఆ పనులు చూచుచుండిన ఇంజనీరు కెప్టెన్ హేగ్ దొరగారు కోయ ప్రజల స్థితిని చూచి కదలిపోయినారు. ఆయన పూనికతో చర్చి మిషనరీ సొసైటీవారు దుమ్ముగూడెములో పని ప్రారంభించినారు. తరువాత వచ్చిన జాన్ కెయిన్ అయ్యగారు కోయల మధ్య చిరకాలము నివసించి, వారి ఆచారములను గురించి 'ఇండియన్ ఆంటిక్వరీ' పత్రికలో వ్యాసములు వ్రాసినారు. అనుకొనిన నౌకా మార్గము పూర్తి కాలేదు. సంఘము మాత్రము నిలిచినది. పాలించువారి నీడలో మన ఆరంభము జరిగినదన్న మాటను దాచవలసిన పని లేదు. ఆ నీడ నుండి సంఘము ఎట్లు బయటకు వచ్చినదన్నదే ముఖ్యము.

ఆ పనిని చేసినవారిలో మొదట చెప్పుకొనవలసినవారు మన ప్రథమ అధ్యక్షులు వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు. వారు తిరునల్వేలి ప్రాంతములో 1874లో జన్మించి, వై.ఎం.సి.ఎ.లో పని చేసి, 1903లో ఆరంభమైన తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపకులలో ఒకరై, 1909లో దోర్నకలుకు వచ్చినారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అధ్యక్షాభిషేకము పొందినారు. ఆంగ్లికన్ సంఘములో అధ్యక్ష పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. 1920ల ఆరంభములో అధ్యక్ష ఖండము విస్తరించగా, చర్చి మిషనరీ సొసైటీవారి తెలుగు ప్రాంతములు కూడ ఆయన పాలన క్రిందికి వచ్చినవి.

అప్పటి మన సంఘములలో అత్యధికులు మాల, మాదిగ పాలేర్లు, కూలివారు. ఊరి రచ్చబండ మీద కూర్చొనుటకు వీలులేనివారు. అట్టివారు సంఘ పంచాయతీలో పెద్దలై, కానుకల లెక్క వ్రాసి, తగవులు విని, పిడికెడు బియ్యముతో ఉపదేశి జీతమునకు సహాయము చేయుట నేర్చుకొనినారు. మాల సహోదరుడు, మాదిగ సహోదరుడు ఒకే పాత్రలోనిది పానము చేయవలెనని అజరయ్యగారు పట్టుదలగా బోధించినారు. ఇది రాజకీయము కాదని ఎవరైన అనవచ్చును. కాని నలుగురిలో కూర్చొని నిర్ణయము చేయుట ఎరుగని ప్రజలకు, అదే ప్రజా జీవితములో మొదటి బడి.

అటుపిమ్మట గొప్ప పరీక్ష వచ్చినది. 1930లో లండనులో జరిగిన మొదటి రౌండ్ టేబుల్ సమావేశములో, శాసన సభలకు ఏ మతమువారు ఆ మతమువారినే ప్రత్యేకముగా ఎన్నుకొను పద్ధతి చర్చకు వచ్చినది. క్రైస్తవులకు కూడ అట్టి ప్రత్యేక నియోజక వర్గములు కావలెనని కొందరు కోరినారు. కె.టి. పాల్‌గారు వద్దనినారు, రెండవ సమావేశమునకు వెళ్లిన ఎస్.కె. దత్తగారు కూడ వద్దనినారు. 1932 ఆగస్టులో బ్రిటిషు ప్రభుత్వము కమ్యూనల్ అవార్డు ప్రకటించి క్రైస్తవులకు ప్రత్యేక స్థానములు ఇచ్చినప్పుడు, అజరయ్యగారు దానిని బాహాటముగా వ్యతిరేకించినారు.

ఎందుకు? వారి వాదము క్లుప్తముగా ఇది. సంఘము ఒక కులము కాదు. అధికారములో వాటా అడుగు వర్గమును కాదు. ప్రత్యేక నియోజక వర్గములు వచ్చినచో ప్రతి బాప్తిస్మము ఒక ఓటు క్రింద లెక్కింపబడును. సువార్త చెప్పువానిని పొరుగువాడు ఓట్లు కూడబెట్టువానిగా చూచును. సంఘపు తలుపు అందరికిని తెరిచి ఉండవలెనన్నచో, దాని చుట్టు రాజకీయపు గోడ ఉండరాదు. చేతికి వచ్చిన లాభమును వద్దనుట సులభము కాదు. వారి మాట నెగ్గలేదు కూడ. 1935 చట్టములో ప్రత్యేక స్థానములు రానే వచ్చినవి.

అయితే లాభమును వద్దనినవారు స్వేచ్ఛను మాత్రము వదులుకొనలేదు. ఆ సంవత్సరములలోనే గాంధీగారు సామూహిక మత మార్పిడులను తీవ్రముగా విమర్శించినారు. దేశ స్వాతంత్ర్యమును కోరుటలో అజరయ్యగారికి గాంధీగారితో భేదము లేదు. కాని పల్లెలోని పేదవానికి తన విశ్వాసమును తానే ఎన్నుకొను తెలివి ఉన్నదనియు, ఆ హక్కును అతని మేలు కొరకే అయినను ఎవరును తీసివేయరాదనియు వారు నిలబడినారు. ప్రత్యేక రాయితీ వద్దు, సమాన స్వేచ్ఛ కావలెను. ఈ రెండు మాటలు కలిసి ఉన్నప్పుడే వారి బోధ మనకు అర్థమగును.

వారు 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించినారు. వారి మాట నెగ్గుటను వారు చూడలేదు. రాజ్యాంగ సభకు ఉపాధ్యక్షులుగా ఉండి, అల్పసంఖ్యాకుల ఉపసంఘమునకు అధ్యక్షత వహించిన హెచ్.సి. ముఖర్జీగారు క్రైస్తవులు. ప్రత్యేక నియోజక వర్గములు రద్దయినవి. 1949 మే నెలలో మతమును బట్టి స్థానములు కేటాయించు పద్ధతియు వద్దని సభ నిర్ణయించినది. దానికి ముందే, 1948 డిసెంబరులో, మతమును అవలంబించుటకు, ఆచరించుటకు మాత్రమే గాక ప్రచారము చేయుటకు కూడ హక్కు నిలిచినది. ప్రచారము అను మాట తీసివేయవలెనని కొందరు సభ్యులు పట్టుపట్టగా, క్రైస్తవులు కాని సభ్యులు అనేకులు దానిని సమర్థించినారు. అదియే నేటి 25వ అధికరణము. అయితే ఆ హక్కులో ఇతరులను మతము మార్చు హక్కు ఇమిడి లేదని 1977లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది. కనుక ఆ హద్దులను గురించిన వాదము ఇంకను సాగుచునే ఉన్నది.

ఇంతవరకు చెప్పి ముగించినచో ఇది పొగడ్త అగును గాని చరిత్ర కాదు. 1950 ఆగస్టులో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల గుర్తింపునకు మతమును షరతుగా పెట్టినది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ షరతు సడలింపబడినది, క్రైస్తవులకు సడలలేదు. షెడ్యూల్డు తెగల ఉత్తర్వులో మాత్రము అట్టి షరతు లేదు. 1970లో మన రాష్ట్రములో షెడ్యూల్డు కులముల నుండి వచ్చిన క్రైస్తవులను వెనుకబడిన తరగతులలో 'సి' వర్గముగా చేర్చి ఒక శాతము ఇచ్చినారు. ఈ విషయమును పరిశీలించుటకు 2022లో కేంద్ర ప్రభుత్వము విశ్రాంత ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్‌గారి అధ్యక్షతన ఒక కమిషనును నియమించినది.

దీని అర్థము మా చర్లలో ఆదివారము నాడు కంటికి కనబడును. ఒకే చాప మీద ఇద్దరు కూర్చొందురు. కోయ సహోదరుడు బాప్తిస్మము పొందినను తన తెగవాడే. అతడు సర్పంచు పదవికి నిలబడవచ్చును; మా వంటి షెడ్యూల్డు ప్రాంతములో ఆ పదవి గిరిజనులకే కేటాయింపబడినది. ప్రక్కనున్న మాల లేక మాదిగ సహోదరుడు బాప్తిస్మము చీటీ చూపినచో, చదువుకొను పిల్లల కుల ధ్రువపత్రము చిక్కులో పడును. అందుచేత ఆదివారము ఒక పేరు, కచేరీ కాగితములో ఇంకొక పేరు పెట్టుకొని బ్రతుకుచున్నవారిని మేమెరుగుదుము. వారిని నిందించుటకు మాకు నోరు రాదు. ఇద్దరును ఒకే రొట్టె తినుచున్నారు. దేశపు చట్టము ముందు ఇద్దరి విశ్వాసమునకు వెల ఒకటి కాదు.

"మన పెద్దలు ఉదారముగా వదులుకొనినారు, మేము నష్టపోయినాము" అని మా యువకులు అందురు. ఆ మాటలో కొంత నిజమున్నది. లండనులోను, ఢిల్లీలోను మాటలాడినవారు చదువుకొనినవారు. వెల చెల్లించినవారు పొలములో కూలివారు. అయితే రెండు విషయములను వేరుచేసి చూడవలెను. పెద్దలు వదులుకొనినది మతము పేరిట వచ్చు స్థానములను. 1950లో నిరాకరింపబడినది కులము వలన కలిగిన బాధకు ఇయ్యవలసిన న్యాయమును. మొదటిది రాయితీ, రెండవది సమానత్వము. అజరయ్యగారి బోధ ప్రకారమే మొదటిదానిని కోరరాదు. రెండవదానిని కోరక మానరాదు.

కనుక మొదట వేసిన ప్రశ్నకు మా జవాబిది. విశ్వాసమును ఇంటిలో దాచుమనువారికి, మా పెద్దలు నలుగురితో కూర్చొనుట నేర్చినదే ఆ విశ్వాసము వలన అని వినయముగా చెప్పుదము. ఓట్లను కట్టగట్టి ఇయ్యుమనువారికి, ప్రసంగ వేదిక ఆ పనికి కాదని చెప్పుదము. ఒక్క కట్టగా ఇచ్చిన ఓట్లను పుచ్చుకొనినవాడు తరువాత సంఘమునకు వెల కట్టును. ఓటు ఎవరి మనస్సాక్షి వారిది. కాని పొరుగువానికి అన్యాయము జరిగినప్పుడు, వాడు ఏ మతమువాడైనను, మొదట మాటలాడువారు మన సంఘస్థులు కావలెను. ముఖ్యముగా, బాప్తిస్మము వలన ఏమియు నష్టపోని మనలోని వారు, నష్టపోయినవారి పక్షమున అర్జీ మీద మొదటి సంతకము చేయవలెను. కోయ సహోదరుడు మాదిగ సహోదరుని కొరకు నోరు తెరచిన నాడు, అజరయ్యగారు ఒకే పాత్ర నుండి ఇప్పించిన సంస్కారము మందిరము దాటి ఊరిలోనికి నడచినదని చెప్పుకొనవచ్చును.

ఆ దినమును మన అధ్యక్ష ఖండము త్వరలో చూచునట్లు ప్రభువు కృప చూపును గాక.