కొలంబియా విశ్వవిద్యాలయంలో పాలస్తీనా సంఘీభావ శిబిరం (2024)

కొలంబియా విశ్వవిద్యాలయంలో పాలస్తీనా సంఘీభావ శిబిరం అనగా 2024 ఏప్రిల్ 17 నుండి 30 వరకు అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని న్యూయార్క్ నగరంలో, ఆ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే విద్యార్థులు గుడారాలు వేసుకొని సాగించిన నిరసన. గాజాలో జరుగుతున్న యుద్ధాన్ని ఖండించడంతో పాటు, విశ్వవిద్యాలయం తన నిధులను ఇజ్రాయెల్‌తో సంబంధం గల సంస్థలలో పెట్టుబడిగా పెట్టరాదన్నది వీరి ప్రధాన కోరిక. రెండు పర్యాయాలు పోలీసులు ప్రాంగణంలో ప్రవేశించి రెండు వందల మందికి పైగా నిర్బంధించారు. ఈ ఘటన తరువాత ఇటువంటి శిబిరాలు అమెరికా అంతటా, ఇతర ఖండాలలోనూ వెలిశాయి.

నిరసనల పూర్వ చరిత్ర

కొలంబియా విశ్వవిద్యాలయం 1754లో కింగ్స్ కళాశాల పేరుతో ప్రారంభమైంది. అమెరికా ప్రాచీన విద్యాసంస్థలలో ఇది ఒకటి. ఇక్కడ చదివిన రాజనీతిజ్ఞుడు అలెగ్జాండర్ హామిల్టన్ పేరు పెట్టిన హామిల్టన్ హాలు 1907లో ప్రారంభమైంది. తరగతి గదులు, కళాశాల కార్యాలయాలు ఉన్న ఈ సాధారణమైన భవనం విద్యార్థి ఉద్యమాల చరిత్రలో పలుమార్లు కనబడుతుంది. 2024 ఘటనలు అర్థం కావాలంటే ముందుగా దీని కథ తెలియాలి.

1968 ఏప్రిల్‌లో విద్యార్థులు హామిల్టన్ హాలుతో సహా ఐదు భవనాలను ఆక్రమించారు. కారణాలు రెండు. వియత్నాం యుద్ధకాలంలో రక్షణ పరిశోధనలు చేసే ఒక సంస్థతో విశ్వవిద్యాలయానికి గల అనుబంధం ఒకటి. పొరుగున నల్లజాతి వారు నివసించే హార్లెం ప్రజలు వాడుకొనే ఉద్యానవనంలో విశ్వవిద్యాలయం వ్యాయామశాల కట్టబూనడం రెండవది. ఏప్రిల్ 30 తెల్లవారుజామున పోలీసులు భవనాలను ఖాళీ చేయించి సుమారు 700 మందిని నిర్బంధించారు. పలువురు గాయపడ్డారు. అయితే వ్యాయామశాల నిర్మాణం ఆగిపోయింది, రక్షణ సంస్థతో అనుబంధమూ తెగిపోయింది. అధ్యాపకులు, విద్యార్థులు సభ్యులుగా గల విశ్వవిద్యాలయ సెనేట్ ఏర్పడింది. పోలీసులను పిలిచే ముందు అధ్యక్షులు సెనేట్ కార్యనిర్వాహక సంఘాన్ని సంప్రదించాలన్న నియమం కూడా ఆ చేదు అనుభవం నుండి పుట్టినదే.

1985 ఏప్రిల్‌లో దక్షిణాఫ్రికా జాతివివక్షకు నిరసనగా విద్యార్థులు ఇదే హాలు ద్వారాలకు గొలుసులు వేసి, మెట్లపై మూడు వారాలు బైఠాయించారు. ఆ భవనానికి నెల్సన్ మండేలా పేరు పెట్టుకున్నారు. ఆ ఏడాది అక్టోబరులో, దక్షిణాఫ్రికాలో వ్యాపారం చేసే కంపెనీల వాటాలను అమ్మివేయాలని ధర్మకర్తల మండలి తీర్మానించింది. 1996లో జాతుల అధ్యయన శాఖ కోసం మరల ఈ హాలునే ఆక్రమించారు. 1999లో అటువంటి కేంద్రం ఏర్పడింది. తరువాతి కాలంలో విశ్వవిద్యాలయం ఈ ఉద్యమాలను తన చరిత్రలో భాగంగా చెప్పుకొంటూ వచ్చింది. ఈ పాత పాఠాలను 2024 నాటి విద్యార్థులు బాగా చదువుకున్నారు.

పాలస్తీనా ప్రశ్న కూడా ఈ ప్రాంగణానికి కొత్తది కాదు. జెరూసలేంలో జన్మించిన పాలస్తీనా మేధావి ఎడ్వర్డ్ సయీద్ 1963 నుండి 2003లో మరణించేవరకు ఇక్కడే సాహిత్యం బోధించాడు. 1978లో వెలువడిన ఆయన గ్రంథం 'ఓరియంటలిజం' ప్రపంచవ్యాప్తంగా చర్చనీయమైంది. మరొకవైపు కొలంబియాలో యూదు విద్యార్థులు, యూదు అధ్యాపకులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. కావున ఈ వివాదం ఇక్కడ ఇరుగు పొరుగు గదులలో నివసించే వారి మధ్య వివాదం.

పెట్టుబడుల ఉపసంహరణ

అమెరికాలోని పెద్ద విశ్వవిద్యాలయాలకు దాతలిచ్చిన సొమ్ముతో ఏర్పడిన శాశ్వత నిధి ఉంటుంది. దానిని ఎండోమెంట్ అంటారు. మన దేవాలయాలకు మాన్యాలు ఉన్నట్లే అసలు కదలకుండా, దానిపై వచ్చే రాబడిని ఉపకార వేతనాలకు, జీతాలకు, పరిశోధనకు ఖర్చు చేస్తారు. 2023లో కొలంబియా నిధి విలువ సుమారు 1,360 కోట్ల డాలర్లు. ఈ సొమ్మును కంపెనీల వాటాలలోనూ, ఇతర నిధులలోనూ పెట్టుబడి పెడతారు. ఒక రంగంలో లేదా ఒక దేశంలో పెట్టిన పెట్టుబడిని నైతిక కారణాలపై వెనుకకు తీసుకోవడమే పెట్టుబడుల ఉపసంహరణ.

కొలంబియా ఈ పనిని దక్షిణాఫ్రికా విషయంలోనే గాక మరికొన్ని సందర్భాలలోనూ చేసింది. ప్రైవేటు జైళ్ళు నడిపే కంపెనీల నుండి 2015లోనూ, విద్యుదుత్పత్తికి వాడే బొగ్గు కంపెనీల నుండి 2017లోనూ తప్పుకుంది. ఇజ్రాయెల్ విషయంలో మాత్రం అంగీకరించలేదు. 2020లో కొలంబియా కళాశాల విద్యార్థులలో జరిగిన అభిప్రాయ సేకరణలో 61 శాతం మంది ఉపసంహరణను కోరినా, అప్పటి అధ్యక్షుడు లీ బొలింజర్ తిరస్కరించాడు. 2024 ఏప్రిల్‌లో మరల జరిగిన సేకరణలో ఈ సంఖ్య 76 శాతం దాటింది.

ఒక చిక్కు కూడా ఉంది. 1985లో కంపెనీల వాటాలు విశ్వవిద్యాలయం పేరనే ఉండేవి. ఏవి అమ్మాలో అందరికీ తెలుసు. నేడు నిధిలో అధికభాగం బయటి నిర్వాహకుల చేతిలోని మిశ్రమ నిధులలో ఉంటుంది, ఆ వివరాలు బహిరంగం కావు. అందువలననే విద్యార్థుల నినాదంలో 'ఉపసంహరించండి' అనే మాటకు ముందు 'వెల్లడించండి' అనే మాట చేరింది. శిబిరం గురించి వచ్చిన వార్తలలో ఈ అంశానికి దక్కిన చోటు తక్కువ.

నేపథ్యం

2023 అక్టోబరు 7న హమాస్ ఇజ్రాయెల్‌పై జరిపిన దాడిలో సుమారు 1,200 మంది మరణించారు, సుమారు 250 మంది బందీలయ్యారు. దీనికి ప్రతిగా ఇజ్రాయెల్ గాజాపై ప్రారంభించిన యుద్ధంలో, 2024 ఏప్రిల్ మధ్యనాటికి 33 వేల మందికి పైగా మరణించారని గాజా ఆరోగ్య మంత్రిత్వ శాఖ ప్రకటించింది. కొలంబియాలో ఇరుపక్షాల విద్యార్థుల సభలు అక్టోబరులోనే మొదలయ్యాయి. 2023 నవంబరు 10న అనుమతి లేని సభ జరిపారన్న కారణంపై 'స్టూడెంట్స్ ఫర్ జస్టిస్ ఇన్ పాలస్తీన్', 'జ్యూయిష్ వాయిస్ ఫర్ పీస్' అనే రెండు సంఘాల శాఖలను విశ్వవిద్యాలయం సస్పెండ్ చేసింది. వీటిలో రెండవది యూదుల సంఘమే. ఫలితం విపరీతమైంది. 2016లో ఏర్పడి స్తబ్ధుగా ఉన్న 'కొలంబియా యూనివర్సిటీ అపార్థైడ్ డైవెస్ట్' అనే కూటమి తిరిగి లేచింది, దానిలో వందకు పైగా విద్యార్థి సంఘాలు చేరాయి.

శిబిరం

2024 ఏప్రిల్ 17న తెల్లవారక ముందే విద్యార్థులు బట్లర్ గ్రంథాలయం ఎదుట గల పచ్చికలో సుమారు 50 గుడారాలు వేశారు. ఆ దినం యాదృచ్ఛికం కాదు. విశ్వవిద్యాలయ అధ్యక్షురాలు మినూష్ షఫీక్ ఆనాడే వాషింగ్టన్‌లో, ప్రాంగణాలలో యూదు వ్యతిరేకతపై విచారణ జరుపుతున్న ప్రతినిధుల సభా సంఘం ఎదుట సాక్ష్యం చెప్పవలసి ఉన్నది. ఈజిప్టులో జన్మించిన ఈ ఆర్థికవేత్త 2023 జూలైలో పదవి చేపట్టింది. ఆ పదవిని పొందిన తొలి మహిళ ఆమె.

మరునాడు, అనగా ఏప్రిల్ 18న, ఆమె పోలీసులను పిలిచింది. నియమం ప్రకారం సంప్రదించగా సెనేట్ కార్యనిర్వాహక సంఘం సమ్మతించలేదు. సంప్రదించాలని నియమంలో ఉన్నదే గాని సమ్మతి పొందాలని లేదు. 108 మంది నిర్బంధితులయ్యారు. వారు శాంతియుతంగా ఉన్నారని, ఏమాత్రం ప్రతిఘటించలేదని పోలీసు ఉన్నతాధికారి ఒకరు తరువాత చెప్పాడు. అనుబంధ సంస్థయైన బర్నార్డ్ కళాశాల తన విద్యార్థినులను సస్పెండ్ చేసి, వసతి గృహాలలో ప్రవేశం నిలిపివేసింది.

శిబిరాన్ని తొలగిస్తుండగానే విద్యార్థులు ప్రక్కనున్న పచ్చికలో చేరారు. అచ్చట మరొక శిబిరం వెలిసింది. అందులో చిన్న గ్రంథాలయం, భోజన పంపిణీ, ఉపన్యాసాలు, ముస్లింల నమాజు ఉండేవి. ఏప్రిల్ 22 రాత్రి, యూదుల పస్కా పండుగ తొలి రాత్రి, శిబిరంలోని యూదు విద్యార్థులు అక్కడే పండుగ విందు జరుపుకొన్నారు. అదే దినం వందలాది అధ్యాపకులు నిర్బంధాలకు నిరసనగా తరగతులు విడిచి బయటికి వచ్చారు. ఏప్రిల్ 26న సెనేట్ 62–14 ఓట్లతో పరిపాలన వ్యవహారంపై విచారణ కోరింది.

విద్యార్థి ప్రతినిధులతో కొన్ని దినాలు చర్చలు సాగాయి. ఇజ్రాయెల్ నుండి పెట్టుబడులు ఉపసంహరించబోమని ఏప్రిల్ 29న అధ్యక్షురాలు ప్రకటించింది. మధ్యాహ్నం 2 గంటలలోగా ఖాళీ చేయనివారిని సస్పెండ్ చేస్తామన్న గడువు ముగిసింది.

హామిల్టన్ హాలు ఆక్రమణ

ఆ అర్ధరాత్రి దాటాక కొందరు హామిల్టన్ హాలు అద్దాలు పగులగొట్టి ప్రవేశించి, బల్లలు, కుర్చీలతో ద్వారాలు మూసివేశారు. ఆ సమయంలో లోపల పారిశుద్ధ్య సిబ్బంది కొందరు ఉన్నారు. తమను భయపెట్టారని వారు తరువాత ఫిర్యాదు చేశారు. అంతవరకు పచ్చికలో సాగిన నిరసనకు ఉన్న సానుభూతి ఈ చర్యతో కొంత తగ్గిందని చెప్పక తప్పదు. ఆక్రమించినవారు భవనానికి 'హిండ్స్ హాల్' అని పేరు పెట్టారు. 2024 జనవరి 29న గాజా నగరంలో బంధువులతో కారులో వెళుతూ మరణించిన ఐదేళ్ళ బాలిక హింద్ రజబ్ పేరు ఇది. ఆమెను రక్షించడానికి వెళ్ళిన ఇద్దరు అంబులెన్సు సిబ్బంది కూడా మరణించారు. మృతదేహాలు ఫిబ్రవరి 10న లభించాయి.

ఏప్రిల్ 30 రాత్రి పోలీసులు నిచ్చెన వంటి వంతెన గల వాహనంపై నుండి కిటికీ ద్వారా భవనంలో ప్రవేశించారు. ఒక అధికారి తుపాకీ పొరపాటున పేలింది గాని ఎవరికీ తగలలేదు. ఆ రాత్రి కొలంబియాలో 109 మంది నిర్బంధితులయ్యారు. 1968లో పోలీసులు ప్రవేశించిన తేదీ కూడా ఏప్రిల్ 30 కావడం పలువురు గమనించారు. బయటి విలేఖరులకు ప్రవేశం లేనందున, లోపలి విషయాలను ప్రపంచానికి తెలిపినది ప్రధానంగా విద్యార్థుల పత్రిక 'కొలంబియా డైలీ స్పెక్టేటర్', విద్యార్థుల రేడియో 'డబ్ల్యు.కె.సి.ఆర్'. ఈ విశ్వవిద్యాలయమే నిర్వహించే పులిట్జర్ బహుమతుల మండలి మే 2న విద్యార్థి పాత్రికేయులను ప్రత్యేకంగా అభినందించింది.

యూదు విద్యార్థుల ఆందోళన

నిరసనలలో వినిపించిన కొన్ని నినాదాలు తమ ఉనికికే బెదిరింపుగా ఉన్నాయని పలువురు యూదు విద్యార్థులు ఫిర్యాదు చేశారు. ఏప్రిల్ 21న ప్రాంగణంలోని ఒక రబ్బీ వారిని ఇండ్లకు వెళ్ళమని సలహా ఇచ్చాడు. మరునాటి నుండి తరగతులు ఇంటినుండి కూడా వినే ఏర్పాటు జరిగింది. శిబిర నాయకులలో ఒకడు జనవరిలో జియోనిస్టులు బ్రతకడానికి అర్హులు కారని అన్న వీడియో బయటపడగా, అతనికి ప్రాంగణ ప్రవేశం నిషేధించారు. 2023 నవంబరులో నియమించిన యూదు వ్యతిరేకతా విచారణ బృందం, యూదు విద్యార్థులు అవమానాలకు, వెలివేతకు గురైన ఘటనలను 2024 ఆగస్టు నివేదికలో నమోదు చేసింది. ఇజ్రాయెల్ ప్రభుత్వ విమర్శను యూదు ద్వేషంగా చూపి నోరు మూయిస్తున్నారన్నది నిరసనకారుల వాదన. శిబిరంలో యూదులు ఉండటాన్ని వారు నిదర్శనంగా చూపారు. ఒక నినాదం ఒకరికి విముక్తి గీతంగా, మరొకరికి నిర్మూలన పిలుపుగా వినబడటమే ఈ తగవులోని అసలు కష్టం.

ఇతర విశ్వవిద్యాలయాలలో

2024 వసంతంలో అమెరికా ప్రాంగణాలలో మొత్తం మూడు వేల మందికి పైగా నిర్బంధితులయ్యారు. లాస్ ఏంజలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఏప్రిల్ 30 రాత్రి ప్రత్యర్థుల గుంపు శిబిరంపై గంటల తరబడి దాడి చేసింది. మే 2న పోలీసులు శిబిరాన్ని తొలగించి రెండు వందల మందికి పైగా విద్యార్థులను, ఇతరులను నిర్బంధించారు. బ్రౌన్ విశ్వవిద్యాలయంలో మాత్రం, ఉపసంహరణపై పాలకవర్గంలో ఓటు జరుపుతామన్న హామీపై విద్యార్థులు శిబిరం ఎత్తివేశారు. ఆ ప్రతిపాదన అక్టోబరులో వీగిపోయింది. ఐర్లండులోని ట్రినిటీ కళాశాల, డబ్లిన్, ఐదు దినాల శిబిరం అనంతరం, ఆక్రమిత ప్రాంతాలలో వ్యాపారం చేసే ఇజ్రాయెల్ కంపెనీల నుండి వైదొలగడానికి ఒప్పుకొంది. 2025 జూన్‌లో ఇజ్రాయెల్ కంపెనీలన్నిటికీ దీనిని విస్తరించింది.

పర్యవసానాలు

కొలంబియాలో మే నెల ప్రధాన స్నాతకోత్సవం రద్దయింది. మే 16న కళలు, విజ్ఞాన శాస్త్రాల అధ్యాపకులు అధ్యక్షురాలిపై అవిశ్వాసం ప్రకటించారు. ఆగస్టు 14న ఆమె రాజీనామా చేసింది. హామిల్టన్ హాలులో నిర్బంధితులైన 46 మందిలో 31 మందిపై అభియోగాలను సాక్ష్యాధారాలు చాలవని ప్రాసిక్యూటర్లు జూన్‌లో ఉపసంహరించుకొన్నారు. విశ్వవిద్యాలయం మాత్రం 2025 మార్చిలో ఆ ఆక్రమణపై కొందరిని బహిష్కరించి, కొందరి పట్టాలను తాత్కాలికంగా రద్దు చేసింది.

యూదు విద్యార్థులను రక్షించలేదన్న కారణంపై 2025 మార్చి 7న డొనాల్డ్ ట్రంప్ ప్రభుత్వం కొలంబియాకు ఇచ్చే 40 కోట్ల డాలర్ల గ్రాంట్లను రద్దు చేసింది. వీటిలో నిరసనలతో ఏ సంబంధమూ లేని వైద్య పరిశోధనలు కూడా ఉన్నాయి. జూలై 23న కుదిరిన ఒప్పందంలో, తప్పు అంగీకరించకుండానే, విశ్వవిద్యాలయం మూడేళ్ళలో 20 కోట్ల డాలర్లు, ఉద్యోగ వివక్ష ఫిర్యాదుల పరిష్కారానికి మరి 2.1 కోట్ల డాలర్లు చెల్లించడానికి సమ్మతించింది.

2024 చర్చలలో విద్యార్థుల పక్షాన మాట్లాడిన మహమూద్ ఖలీల్‌ను 2025 మార్చి 8న వలస శాఖ అధికారులు నిర్బంధించారు. సిరియాలో పాలస్తీనా శరణార్థి కుటుంబంలో జన్మించిన ఇతనికి అమెరికాలో శాశ్వత నివాస హక్కు ఉంది. ఇతనిపై ఏ నేరాభియోగమూ మోపలేదు. లూసియానాలోని నిర్బంధ కేంద్రంలో ఉండగానే అతనికి కుమారుడు జన్మించాడు. న్యాయమూర్తి ఉత్తర్వుపై జూన్ 20న విడుదలయ్యాడు.

భారతీయ విద్యార్థులు

2023–24 విద్యా సంవత్సరంలో అమెరికాలోని విదేశీ విద్యార్థులలో భారతీయులే అత్యధికులు. వారి సంఖ్య 3,31,602. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుండి వెళ్ళినవారు అందులో గణనీయమైన భాగం. అధికశాతం 'ఎఫ్-1' అనే విద్యార్థి వీసాపై ఉంటారు. స్వదేశీ విద్యార్థికి సస్పెన్షన్ అంటే ఒక సెమిస్టరు పోవడం; విదేశీ విద్యార్థికి నమోదు పోతే దేశంలో ఉండే అర్హతే పోతుంది. అప్పుచేసి పంపిన కుటుంబాలకు ఈ తేడా చిన్నది కాదు. 2025 వసంతంలో వీసాల రద్దు మొదలైన పిదప తెలుగునాట తల్లిదండ్రులలో ఈ భయం కనబడింది.

కొలంబియాలో నగర ప్రణాళికపై పరిశోధన చేస్తున్న ఒక భారతీయ విద్యార్థిని వీసా 2025 మార్చి 5న రద్దయింది. 2024 ఏప్రిల్ 30 రాత్రి తాను నిరసనలో పాల్గొనలేదని, గదికి తిరిగి వస్తుండగా వీధిలో పట్టుకొన్నారని ఆమె చెప్పింది. నాటి అభియోగాలు అంతకు మునుపే కొట్టివేయబడ్డాయి. వీసా రద్దయిన ఆరవ దినాన, మార్చి 11న, ఆమె పరిశోధన విడిచి కెనడాకు వెళ్ళిపోయింది.