నూరు డాలర్ల క్వార్టర్‌బ్యాక్

అమెరికా వృత్తి ఫుట్‌బాల్ లీగు అయిన ఎన్.ఎఫ్.ఎల్. చరిత్రలో, సీజను మొదటి ఆట నుండి ఛాంపియన్‌షిప్ ఆట వరకు ఒక్క ఓటమి గాని, ఒక్క సమానత గాని లేకుండా గెలిచిన జట్టు ఒక్కటే ఉన్నది. అది 1972 నాటి మయామీ డాల్ఫిన్స్. 17 ఆటలు, 17 విజయాలు. 2007లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ వరుసగా 18 ఆటలు గెలిచి కూడా చివరి మెట్టు మీద కాలు జారింది. మయామీ ఘనత మాత్రం చెక్కు చెదరలేదు.

ఆ జట్టుకు క్వార్టర్‌బ్యాక్ ఎవరని అడిగితే చాలామంది బాబ్ గ్రీసీ అని చెబుతారు. అది తప్పు కాదు. అయితే ఆ 17 ఆటలలో గ్రీసీ మొదటి నుండి బరిలోకి దిగినవి 6 మాత్రమే. తక్కిన 11 ఆటలలో దిగినవాడు ఎర్ల్ మొరాల్. అప్పటికి అతని వయస్సు 38 ఏళ్ళు. పాత జట్టు వదులుకొనగా, మయామీ నూరు డాలర్ల రుసుము కట్టి తెచ్చుకొన్న ఆటగాడు.

ఆ నూరు డాలర్లను ఎట్లా బేరీజు వేయాలన్నదే ఈ వ్యాసంలో నేను వేసుకొన్న ప్రశ్న. అది అదృష్టం కొద్దీ దొరికిన చవక బేరమా? బలమైన జట్టు భుజాల మీద ఊరేగిన పాత ఆటగాని కథా? లేక అంతకు మించినది ఏమైనా ఉన్నదా?

క్రికెట్టు చూసి పెరిగిన మన చదువరుల కోసం ముందుగా ఒక్క మాట. ఈ ఆటలో ప్రతి ఎత్తుగడలోనూ బంతి ముందుగా చేరేది క్వార్టర్‌బ్యాక్ చేతికే. దానిని పక్కవానికి అందించి పరుగెత్తించాలా, దూరాన ఉన్న సహచరునికి విసరాలా అన్నది అతడు రెండు మూడు క్షణాలలో తేల్చుకోవాలి. ఆ రోజులలో ఏ ఎత్తుగడ వేయాలో నిర్ణయించేది కూడా చాలా జట్లలో అతడే. బౌలర్లను మార్చినట్లు ఓవరుకొకరిని మార్చే పదవి కాదది. అందుచేత రెండవ క్వార్టర్‌బ్యాక్ బతుకు విచిత్రమైనది. వారమంతా మొదటివానితో సమానంగా పాఠం చదవాలి, పరీక్ష మాత్రం రాయకూడదు. మొదటివాడు గాయపడితే మాత్రం ఆ నిమిషంలోనే, ఒళ్ళు వేడెక్కకుండానే లేచి వెళ్ళి మొత్తం పరీక్ష రాయాలి.

మొరాల్ 1934లో మిషిగన్ రాష్ట్రంలోని మస్కీగన్‌లో పుట్టాడు. మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయం తరఫున రోజ్ బౌల్ గెలిచినవాడు. 1956లో శాన్ ఫ్రాన్సిస్కో జట్టు అతనిని దేశంలోనే రెండవ ఎంపికగా తీసుకొన్నది. అటువంటివాడు ఒక జట్టులో స్థిరపడి పేరు తెచ్చుకోవలసినది. కాని జరిగింది వేరు. మరుసటి ఏడాదే పిట్స్‌బర్గ్‌కు, ఆ తరువాతి ఏడాది డెట్రాయిట్‌కు, 1965లో న్యూయార్క్ జయంట్స్‌కు అతనిని మార్చివేశారు. ఒక్కొక్క చోట కొంతకాలం ఆడటం, అంతకంటే పేరున్నవాడు రాగానే పక్కకు తొలగడం. శాన్ ఫ్రాన్సిస్కోలో వై. ఏ. టిటిల్, న్యూయార్క్‌లో ఫ్రాన్ టార్కెంటన్ ఉండగా అతనికి చోటెక్కడిది? 1968లో బాల్టిమోర్ కోల్ట్స్‌కు వెళ్ళాడు. అక్కడ మొదటి క్వార్టర్‌బ్యాక్ జానీ యునైటస్. అతనికి రెండవవాడుగా ఉండటమంటే జీతం తీసుకొని ఆట చూడటమే.

సీజను మొదలు కాకముందే యునైటస్ మోచేయి దెబ్బ తిన్నది. మొరాల్ బరిలోకి దిగాడు. బాల్టిమోర్ 14 ఆటలలో 13 గెలిచింది. అతడు విసిరిన 26 టచ్‌డౌన్ పాసులు ఆ ఏడాది లీగులో అందరికంటే ఎక్కువ. లీగు అత్యుత్తమ ఆటగాడుగా అతనినే ఎన్నుకొన్నారు. ఛాంపియన్‌షిప్ ఆటలో క్లీవ్‌లాండ్‌ను 34–0 తేడాతో ఓడించి, కోల్ట్స్ మూడవ సూపర్ బౌల్‌కు చేరుకొన్నది.

1969 జనవరి 12, మయామీలోని ఆరెంజ్ బౌల్ మైదానం. ప్రత్యర్థి న్యూయార్క్ జెట్స్. గెలుపు మాదేనని జెట్స్ క్వార్టర్‌బ్యాక్ జో నేమత్ ముందుగానే పందెం కాసినట్లు ప్రకటిస్తే లోకం నవ్వింది. మొదటి సగం ముగియబోతున్నది. జెట్స్ 7–0 ఆధిక్యంలో ఉన్నది. బాల్టిమోర్ ఒక మాయ ఎత్తుగడ వేసింది. మొరాల్ బంతిని టామ్ మేటీకి అందించాడు. మేటీ పరుగెత్తుతున్నట్లు నటించి తిరిగి మొరాల్‌కే విసిరాడు. ఆ మాయలో పడి జెట్స్ ఆటగాళ్ళు జిమ్మీ ఆర్ సంగతి మరచిపోయారు. అతడు గోలు గీత దగ్గర ఒంటరిగా నిలబడి చేతులు ఊపుతున్నాడు. మైదానంలో అందరికీ అతడు కనబడుతున్నాడు, మొరాల్‌కు తప్ప. ఆర్ వెనుక నీలి దుస్తుల బ్యాండు మేళం ఉండటం చేత అతడు కలిసిపోయాడన్న వివరణ ప్రచారంలో ఉన్నది. ఏమైతేనేమి, మొరాల్ మధ్యనున్న జెర్రీ హిల్ వైపు విసిరాడు, జెట్స్ ఆటగాడు జిమ్ హడ్సన్ బంతిని అందిపుచ్చుకొన్నాడు. ఆ సగంలో ప్రత్యర్థుల చేతికి చిక్కిన అతని పాసులలో అది మూడవది. రెండవ సగంలో కోచ్ డాన్ షూలా అతనిని ఆపి, చేయి పూర్తిగా నయం కాని యునైటస్‌ను పంపాడు. జెట్స్ 16–7తో గెలిచింది.

ఒక ఏడాది పొడుగునా చేసిన పని ఒక్క విసురుతో చెరిగిపోయింది. నేటికీ ఆ ఆట చిత్రాలలో కనబడేది చేతులు ఊపుతున్న జిమ్మీ ఆరే.

రెండేళ్ళ తరువాత, 1971 జనవరి 17న అదే మైదానంలో ఐదవ సూపర్ బౌల్ జరిగింది. ఈసారి మొదటి క్వార్టర్‌బ్యాక్ యునైటస్. రెండవ పాదంలో అతని పక్కటెముకలకు దెబ్బ తగిలింది. మళ్ళీ మొరాల్ లేచాడు. ఆట అందంగా లేదు, ఇరుపక్షాలూ తప్పుల మీద తప్పులు చేశాయి. కాని ఆఖరి క్షణాలలో జిమ్ ఓబ్రయన్ తన్నిన ఫీల్డ్‌గోల్‌తో బాల్టిమోర్ డాలస్‌పై 16–13తో గెలిచింది. మొరాల్ పేరు ఆ గెలుపులో ఎవరికీ పెద్దగా గుర్తు లేదు. ఓటమిని మోసినవాడే విజయాన్నీ మోశాడని చెప్పేవారు తక్కువ.

షూలా అప్పటికే బాల్టిమోర్ విడిచి మయామీకి కోచ్‌గా వెళ్ళాడు. 1972లో బాల్టిమోర్ మొరాల్‌ను వదులుకొన్నది. అక్కరలేని ఆటగానిని ముందుగా లీగులోని తక్కిన జట్ల ముందు ఉంచాలి. కావలసిన జట్టు నామమాత్రపు రుసుము కట్టి, అతని ఒప్పందాన్ని తన నెత్తికి ఎత్తుకోవచ్చును. దానినే వెయివర్ పద్ధతి అంటారు. ఆ రుసుమే నూరు డాలర్లు. మయామీకి గ్రీసీ ఉన్నాడు. వయస్సు 27, మంచి నిలకడ ఉన్నవాడు. అంతకు ముందు జనవరిలోనే జట్టును సూపర్ బౌల్ వరకు తీసుకొనిపోయి డాలస్ చేతిలో ఓడినవాడు. అటువంటప్పుడు పొట్టిగా కత్తిరించిన పాతకాలపు జుట్టుతో, జట్టులోని కుర్రవాళ్ళకు చిన్నాన్నలా కనబడే ఈ మనిషి ఎందుకు?

దీనికి సమాధానం గణాంకాలలో దొరకదు. 1960ల ఆరంభంలో డెట్రాయిట్‌లో షూలా సహాయ కోచ్‌గా ఉన్నప్పుడు మొరాల్ ఆ జట్టులోనే ఉన్నాడు. తరువాత బాల్టిమోర్‌లో అతని అత్యుత్తమ సంవత్సరాన్నీ, అతి చెడ్డ దినాన్నీ ఒకే సీజనులో చూసినవాడు షూలా. ఆ చెడ్డ దినం షూలాకు కూడా మాయని మచ్చే. చాలామంది కోచ్‌లు తమ ఓటమిని గుర్తుచేసే ముఖాన్ని దూరంగా ఉంచుతారు. షూలా దానిని కొని తెచ్చుకొన్నాడు. మిగతా జట్ల కంటబడినది మొరాల్ చేజార్చిన ఆట. షూలా చూసినది, ఆ ఆట తరువాత కూడా అతడు నిలబడిన తీరు.

1972 అక్టోబరు 15. మళ్ళీ అదే ఆరెంజ్ బౌల్. ఇప్పుడది మొరాల్ సొంత మైదానం. సీజనులో ఐదవ ఆట, ప్రత్యర్థి శాన్ డియేగో. మొదటి పాదంలోనే గ్రీసీ మీద ఇద్దరు ప్రత్యర్థులు పడ్డారు. కాలి ఎముక విరిగి, చీలమండ తొలగింది. అతనిని మోసుకొనిపోతుంటే మొరాల్ బరిలోకి నడిచాడు. ఆనాడు రెండు టచ్‌డౌన్ పాసులు విసిరాడు. మయామీ 24–10తో గెలిచింది.

తరువాతి వారం బఫెలో మీద ఒక్క పాయింటుతో గట్టెక్కారు, 24–23. ఆపై అతనిని వదులుకొన్న బాల్టిమోర్‌కు వెళ్ళి 23–0తో గెలిచారు. న్యూ ఇంగ్లండ్ మీద 52–0. జెట్స్ మీద 28–24తో గెలిచిన ఆటలో 38 ఏళ్ళ మొరాల్ స్వయంగా బంతి పట్టుకొని 31 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. క్రమబద్ధమైన సీజను 14–0తో ముగిసింది.

ఇక్కడ ఆగి నిష్పక్షపాతంగా లెక్క చూడవలసి ఉన్నది. ఆ ఏడాది మొరాల్ విసిరినది 150 సార్లు మాత్రమే. అందులో 83 సహచరులకు చేరాయి. 1,360 గజాలు, 11 టచ్‌డౌన్లు, ప్రత్యర్థులకు చిక్కినవి 7. జట్టు బలమంతా పరుగులో ఉన్నది. లారీ జొంకా 1,117 గజాలు, మెర్క్యురీ మోరిస్ 1,000 గజాలు పరుగెత్తారు. ఒకే జట్టులో ఇద్దరు వేయి గజాలు దాటటం లీగులో అదే మొదటిసారి. రక్షణ దళం 14 ఆటలలో ఇచ్చినవి 171 పాయింట్లు, లీగులో అతి తక్కువ. పైగా ఆ సీజనులో మయామీ ఎదుర్కొన్న జట్లలో ఓటములకంటే విజయాలు ఎక్కువ ఉన్నవి రెండే, కాన్సస్ సిటీ, న్యూయార్క్ జయంట్స్. ఇన్ని అనుకూలతలు ఉండగా ఎవరు ఆడినా గెలిచేవారే కదా అన్న వాదనకు బలం లేకపోలేదు.

అయినా నేను దానితో పూర్తిగా ఏకీభవించలేను. ఒక్కొక్క ప్రయత్నానికి అతని సగటు 9 గజాలు. అంటే తక్కువగా విసిరాడు, విసిరినప్పుడు దూరం సాధించాడు. పరుగు బలమున్న జట్టులో పరుగును నమ్మడం, ప్రత్యర్థి దగ్గరకు గుమిగూడినప్పుడు పాల్ వార్‌ఫీల్డ్ వైపు చూడటం. ఇది చేతి బలం కంటే నిగ్రహానికి సంబంధించిన విద్య. 17వ సీజను ఆడుతున్నవానికి అది అబ్బినది. తనను తాను నిరూపించుకోవాలన్న తొందర ఉన్న కుర్రవాడు ఆ జట్టును చెడగొట్టి ఉండవచ్చును. మంచి జట్టుకు గొప్ప ప్రత్యామ్నాయం అక్కరలేదు, ఆ జట్టు మంచితనాన్ని గుర్తెరిగినవాడు కావాలి.

అయితే అసలు పరీక్ష వేరొకటి ఉన్నది. ప్లే-ఆఫ్ మొదటి ఆటలో క్లీవ్‌లాండ్‌పై 20–14తో గెలిచారు. రెండవది డిసెంబరు 31న పిట్స్‌బర్గ్‌లో. మొదటి సగం 7–7. ఆట బిగుసుకుపోయింది. గ్రీసీ కాలు నయమైంది. రెండవ సగంలో షూలా మొరాల్‌ను ఆపి గ్రీసీని పంపాడు. గ్రీసీ వార్‌ఫీల్డ్‌కు 52 గజాల పాసు విసిరాడు, మయామీ 21–17తో గెలిచింది. రెండు వారాల తరువాత సూపర్ బౌల్‌లో దిగేది గ్రీసీయేనని షూలా నిర్ణయించాడు.

11 ఆటలకు 11 గెలిచిన జట్టును ముందుండి నడిపినవానిని తప్పించారు. నాలుగేళ్ళ క్రితం ఏ రంగస్థలం మీద భంగపడ్డాడో, అదే సూపర్ బౌల్‌లో ఆ మచ్చ కడుగుకొనే అవకాశం రెండు వారాల దూరంలో ఉండగా తప్పించారు. తప్పించినవాడు ఆనాడు తప్పించిన షూలాయే. బాధ కలగలేదంటే నమ్మనక్కరలేదు. అయితే ఆ బాధ జట్టులో చీలికగా మారలేదు. ఆపదలో పగ్గాలు అందుకోవడం ఒక శక్తి, ఆపద తీరిన తరువాత వాటిని తిరిగి అప్పగించడం అంతకంటే పెద్ద శక్తి. నూరు డాలర్లకు షూలా కొన్నది ఈ రెండవ శక్తిని కూడా అని నా అభిప్రాయం.

1973 జనవరి 14న మయామీ వాషింగ్టన్‌ను 14–7తో ఓడించి 17–0 పూర్తి చేసింది. ఆనాడు మొరాల్ మైదానంలో లేడనుకొంటే పొరపాటు. ఫీల్డ్‌గోల్ తన్నేటప్పుడు మోకాలి మీద కూర్చొని బంతిని నిలబెట్టే పని అతనిదే. ఆట చివర గారో యెప్రేమియన్ తన్నిన బంతి అడ్డుపడి వెనుకకు రావడం, అతడు దానిని విసరబోయి చేజార్చడం, వాషింగ్టన్ ఆటగాడు మైక్ బాస్ అందుకొని 49 గజాలు పరుగెత్తి ఆ జట్టు ఏకైక టచ్‌డౌన్ చేయడం నేటికీ నవ్వుతూ చెప్పుకొంటారు. ఆ బంతిని నేల మీద సక్రమంగా నిలబెట్టిన మనిషి మొరాల్. అతని బతుకంతా అంతే, తాను నిలబెట్టాడు, తన్నినవాడు మరొకడు.

మరుసటి ఏడాది మయామీ మళ్ళీ సూపర్ బౌల్ గెలిచింది. మొరాల్ రెండవవాడుగానే ఉండి, 1976 సీజనుతో 42 ఏళ్ళ వయస్సులో విరమించాడు. మొత్తం 21 సీజనులు, 6 జట్లు. తరువాత మయామీ విశ్వవిద్యాలయంలో క్వార్టర్‌బ్యాక్‌లకు శిక్షణ ఇచ్చాడు. ఫ్లోరిడాలోని డేవీ పట్టణానికి మేయరుగా పనిచేశాడు. 2014 ఏప్రిల్‌లో 79వ ఏట మరణించాడు.

కథ ఇక్కడితో ముగిస్తే బాగుండును. మరణానంతరం అతని మెదడును బోస్టన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు పరీక్షించారు. తలకు పదే పదే తగిలే దెబ్బల వలన వచ్చే సి.టి.ఇ. అనే వ్యాధి నాలుగవ దశలో, అంటే అతి తీవ్రమైన దశలో ఉన్నదని తేలింది. మనం రెండవవాడు అంటాం, బెంచి మీది ఆటగాడు అంటాం. 21 ఏళ్ళలో తగిలిన దెబ్బలలో మాత్రం రెండవ రకం అంటూ ఏవీ లేవు.

కనుక బేరీజు వేసేటప్పుడు రెండు పద్దులు రాసుకోవాలి. జట్టు చెల్లించినది నూరు డాలర్ల రుసుము, ఒక ఒప్పందపు జీతం. దానికి దక్కినది లీగు చరిత్రలో మరెవ్వరికీ లేని ఘనత. ఇది జట్టు పద్దు. మొరాల్ చెల్లించినది మరొక పద్దు. దానిని ఆ ఆరెంజ్ బౌల్‌లో చప్పట్లు కొట్టినవారెవ్వరూ అప్పుడు చూడలేదు. ఆ మైదానాన్ని 2008లో కూల్చివేశారు. మొదటి పద్దు మాత్రమే చూసి చవక బేరం అనడం సులభం. రెండవది కూడా చూసినప్పుడు, ఆ మాట అనడానికి నాకు నోరు రావడం లేదు.