విశాఖ పాతకార్ల డ్రమ్ము బ్రేకు – ఇంటి మరమ్మతు: చరిత్ర, వృత్తిభాష

వ్యాససంగ్రహం:

పాతకారు డ్రమ్ము బ్రేకును ఇంటి దగ్గరే విప్పి, బిగించి, సరిచేసుకోవడం ఒక తరానికి అలవాటైన పని. ఆ పనిలో వస్తువుల పేర్లు చాలావరకు ఇంగ్లీషు నుంచి వచ్చాయి. లోపాన్ని గుర్తించే, బిగువును నిర్ణయించే మాటలు మాత్రం తెలుగు క్రియలే. విశాఖపట్నం నేపథ్యంలో ఆ బ్రేకు చరిత్రను, బిగింపు క్రమాన్ని, ఆ క్రియల్లో నిలిచిన జ్ఞానాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ జ్ఞానంతోపాటు సంక్రమించిన ఒక ప్రమాదకరమైన అలవాటును కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: డ్రమ్ము బ్రేకు, అంబాసిడర్, విశాఖపట్నం, వృత్తిపదాలు, క్రియలు, ఆస్‌బెస్టాస్.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో వృత్తిపదాల సేకరణకు గట్టి పునాది ఉంది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి కృషితో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలతో 1962లోను, రెండవ సంపుటం చేనేత పదాలతో 1971లోను వెలువడ్డాయి. నాగలి, మగ్గం తరతరాలుగా మన ఊళ్లలో ఉన్నవి. మోటారు కారు అలా కాదు. అది తన పేర్లను వెంటబెట్టుకొని బయటి నుంచి వచ్చింది. కాబట్టి మెకానిక్ షెడ్డులో వినిపించే భాషను ఇంగ్లీషు మాటల కలగాపులగంగా భావించి పక్కన పెట్టడం సులభం. ఆ భావన ఎంతవరకు సరైనదో డ్రమ్ము బ్రేకు ఆధారంగా పరీక్షించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. చారిత్రక నేపథ్యం:

చక్రంతోపాటు తిరిగే ఇనుప డ్రమ్ము, దాని లోపల విచ్చుకొని ఒరుసుకునే రెండు వంపు షూలు – ఇదీ డ్రమ్ము బ్రేకు స్వరూపం. ఈ పద్ధతిని 1902లో ఫ్రాన్సులో లూయీ రెనో వాడుకలోకి తెచ్చాడు. ద్రవపీడనంతో నాలుగు చక్రాలకూ బ్రేకు వేసే ఏర్పాటు 1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ కారుతో మార్కెట్టుకు వచ్చింది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ బెంగాల్లోని ఉత్తర్‌పారాలో అంబాసిడర్‌ను తయారుచేసింది. ఫియట్ 1100 సంతతికి చెందిన ప్రీమియర్ పద్మినిలోను, తొలి అంబాసిడర్లలోను నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. అంబాసిడర్ తయారీ 2014లో నిలిచిపోయింది.

ఈ కార్లను సొంతంగా విప్పుకోగల చేతులు విశాఖలో ఏర్పడటానికి తగిన కారణాలున్నాయి. 1933లో ఓడరేవు, 1941లో శంకుస్థాపన జరిగిన నౌకానిర్మాణ కేంద్రం, 1957లో చమురు శుద్ధి కర్మాగారం, 1971లో పునాదిరాయి పడి 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం – ఇవన్నీ పానా పట్టడం తెలిసిన కుటుంబాలను పెంచాయి. గాజువాక ఆటోనగర్ ఆ నైపుణ్యానికి అంగడి అయింది. పని నేర్పినది నగర భౌగోళిక స్థితి కూడా. ఉప్పుగాలికి స్ప్రింగులు, చక్రం సిలిండర్లు తుప్పు పడతాయి. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్-3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు. నిర్ణీత ప్రమాణంలో తేమ చేరాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. అనంతగిరి ఘాట్ దిగే బండికి ఈ తేడా ప్రాణాంతకం కాగలదు.

3. బిగింపు క్రమం:

ఇంటి దగ్గర ఈ పని జరిగే వరుస స్థూలంగా ఇది. సమతలమైన చోట బండి నిలిపి, మిగిలిన చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాలి. హ్యాండ్ బ్రేకు వదిలి, జాకీతో ఎత్తిన బండిని స్టాండు మీద ఆనించాలి. జాకీని నమ్మి పని చేయకూడదు. ఒక ఇరుసుకు చెందిన రెండు డ్రమ్ములూ తీసినా, షూలు మాత్రం ఒక వైపువే విప్పాలి. రెండో వైపు చూసుకోవడానికి నమూనాగా మిగులుతుంది. స్ప్రింగు ఏ రంధ్రంలో ఉందో, ఏ షూ ముందుదో, ఏది వెనకదో మరిచిపోయినప్పుడు అదే పాఠ్యపుస్తకం.

చక్రం సిలిండరు తడిగా ఉంటే దాన్ని సరిచేయనిదే కొత్త షూ వేయడం వృథా. లైనింగుకు చేతి జిడ్డు అయినా తగలకూడదు. షూలను ఇరుసుకు రెండు వైపులా ఒకేసారి మార్చాలి. లేకపోతే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది.

తరువాత సర్దుబాటు. నమూనానుబట్టి వెనుక పలక మీద చదరపు తల, లేదా రంధ్రంలోంచి అందే పళ్లచక్రం ఉంటుంది. చక్రం తిరగకుండా పట్టేసేవరకు దాన్ని బిగించి, పెడలు ఒకసారి గట్టిగా తొక్కి షూలను డ్రమ్ము నడుమకు చేర్చి, చక్రం స్వేచ్ఛగా తిరిగేంతవరకే వదలాలి. లీలగా ఒరిపిడి చప్పుడు వినిపించవచ్చు గాని చక్రం బరువెక్కకూడదు. హ్యాండ్ బ్రేకు తీగ సర్దుబాటు అన్నిటికంటే చివర.

ద్రవమార్గం విప్పి ఉంటే గాలి తీయాలి. సాధారణంగా మాస్టర్ సిలిండరుకు దూరపు చక్రంతో, అంటే మన కార్లలో వెనుక ఎడమ చక్రంతో మొదలుపెడతారు. దీనికి ఇద్దరు కావాలి. మా ఇంట్లో పెడలు దగ్గర కూర్చునే వంతు నాది. "తొక్కు, పట్టుంచు, ఇప్పుడు వదులమ్మా" అని నాన్నగారు బండి కింద నుంచి చెప్పేవారు. పట్టుంచమన్నప్పుడు వదిలితే గాలి తిరిగి లోపలికి వెళ్లేది. పని మళ్లీ మొదటికి వచ్చేది.

4. క్రియల్లో నిలిచిన జ్ఞానం:

ఈ వృత్తిలోని నామవాచకాల పుట్టుక విచిత్రం. అదనపు చక్రాన్ని మనం స్టెప్నీ అంటాం. అది వేల్స్‌లోని లనెత్లీ పట్టణంలో స్టెప్నీ వీధి పేరు నుంచి వచ్చింది. మేస్త్రీ పోర్చుగీసు నుంచి వచ్చిన మాట. డ్రమ్ము, షూ, లైనింగు ఇంగ్లీషువి. అయితే లోపం చెప్పేటప్పుడు వినిపించేవి ఇవి: బ్రేకు "పట్టడం లేదు", "పట్టేసింది", "లాగుతోంది", "దిగిపోతోంది", "ఆనుతోంది", "అరిగిపోయింది", "కీచుమంటోంది".

ఇవి పర్యాయపదాలు కావు. ప్రతిదానికీ వేరే కారణం, వేరే చికిత్స ఉన్నాయి. "పెడలు దిగిపోతోంది" అంటే షూకు, డ్రమ్ముకు మధ్య ఎడం పెరిగిందనో, ఆయిల్ కారుతోందనో, గాలి చేరిందనో అనుమానం. రెండు మూడు సార్లు "కొడితే" పెడలు పైకి వస్తే అనుమానం ఎడం వైపో గాలి వైపో మొగ్గుతుంది. ఘాట్‌లో డ్రమ్ము వేడెక్కి వ్యాకోచించి షూ నుంచి దూరం జరుగుతుంది. లైనింగు ఒరిపిడి శక్తి కూడా తగ్గుతుంది. అప్పుడు పెడలు దిగిపోవడం, బ్రేకు పట్టకపోవడం రెండూ కలుస్తాయి. "పట్టడం", "పట్టేయడం" మధ్య తేడాను ఒక సహాయక క్రియ మోస్తోంది: మొదటిది బ్రేకు గుణం, రెండవది దోషం. సర్దుబాటు మొత్తం ఈ రెంటి మధ్య ఉన్న సన్నని చోటును వెతకడమే.

5. ఊదడం – తుడవడం:

ఈ జ్ఞానంలో అంతా గ్రాహ్యం కాదు. డ్రమ్ము తీయగానే లోపలి పొడిని "ఊదెయ్యడం" పనిలో భాగంగా ఉండేది. నాన్నగారు సైకిలు పంపుతో ఊదేవారు. ఆ బూడిదను అమ్మ చీపురుతో ఊడ్చేది. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. అది మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలోనిదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. ఆస్‌బెస్టాస్ కార్మికుల ఆరోగ్యరక్షణపై సుప్రీంకోర్టు 1995లో తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు కర్మాగారాల గురించి. పెరట్లో ఊడ్చేవారి చెవిన అది పడలేదు. పాత షూలు విప్పేవారు పొడిని ఊదకూడదు, పొడిగా ఊడ్చకూడదు. తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూటగట్టి పారవేయాలి.

6. ముగింపు:

• డ్రమ్ము బ్రేకు మరమ్మతులో వస్తువుల పేర్లు పరభాషవైనా, నిర్ణయం జరిగేది తెలుగు క్రియల్లో. నామవాచకాలను మాత్రమే సేకరించే పదకోశం ఈ వృత్తిలోని జ్ఞానాన్ని జారవిడుస్తుంది.

• ప్రతి క్రియనూ దాని కారణంతో, చికిత్సతో కలిపి నమోదు చేయాలి. నాలుగు డ్రమ్ముల కార్లతోపాటు వాటిని సరిచేసిన తరమూ తగ్గిపోతోంది కనుక ఈ సేకరణ ఇప్పుడే జరగాలి.

• నమోదు విమర్శతో కూడి ఉండాలి. "ఊదడం" చరిత్రగా పదకోశంలోకి ఎక్కాలి. పెరట్లో దాని స్థానం "తడిపి తుడవడా"నికి దక్కాలి.