ప్రక్షిప్తమా, పూరణమా? – మళ్లీ మొదలైన ‘డాక్టర్ హూ’, అభిమానుల వ్యాఖ్యానం

సారాంశం

బీబీసీలో 1963లో మొదలై, 1989లో ఆగి, 2005లో మళ్లీ మొదలైన సైన్స్ ఫిక్షన్ సీరియల్ ‘డాక్టర్ హూ’. కొత్త ఎపిసోడ్ వచ్చినప్పుడల్లా అభిమానుల్లో రేగే చర్చను మెప్పు, తెగడ్త అనే రెండు గంపల్లో వేయడం పరిపాటి. ఆ చర్చ సమీక్ష కన్నా వ్యాఖ్యానానికి దగ్గరిదని ఈ వ్యాసం వాదిస్తుంది. ఖాళీని గుర్తించడం, లెక్క సరిచూడడం, ప్రక్షిప్తాన్ని వేరు చేయడం అనే మూడు పనులను ఉదాహరణలతో పరిశీలిస్తుంది. వ్యాఖ్యాతలే రచయితలయ్యాక అధికారం ఎటు వెళ్లిందో, సీరియల్ తన ప్రేక్షకుణ్ణి కథలోకి ఎలా తెచ్చుకుందో చర్చిస్తుంది.

కీలక పదాలు: డాక్టర్ హూ, అభిమాన సంస్కృతి, వ్యాఖ్యానం, ప్రక్షిప్తం, పూరణం, టెలివిజన్ సీరియల్

1. ఉపోద్ఘాతం

‘డాక్టర్ హూ’ తొలి ఎపిసోడ్ 1963 నవంబర్ 23, శనివారం సాయంత్రం ప్రసారమైంది. అమెరికా అధ్యక్షుడు కెనెడీ హత్య జరిగి అప్పటికి ఒక్కరోజు. మరుసటి శనివారం రెండో ఎపిసోడ్‌కు ముందు మొదటిదాన్ని మళ్లీ వేశారు. నిర్మాత వెరిటీ లాంబర్ట్. ఆ తొలి కథకు దర్శకుడు లక్నోలో పుట్టిన వారిస్ హుస్సేన్. పోలీసు పెట్టె ఆకారంలో ఉండే వాహనంలో కాలంలోనూ అంతరిక్షంలోనూ తిరిగే ఒక బాటసారి కథ ఇది. అతని అసలు పేరు ఎవరికీ తెలియదు. అందరూ డాక్టర్ అంటారు.

1966లో ఆ పాత్ర వేస్తున్న విలియం హార్ట్‌నెల్ తప్పుకోవలసి వచ్చింది. డాక్టర్ దేహం అలిసి కూలిపోతే కొత్త ముఖంతో లేస్తాడని రచయితలు కథలోనే దారి వేశారు. ప్యాట్రిక్ ట్రౌటన్ రెండో డాక్టర్ అయ్యాడు. ఈ ఒక్క ఏర్పాటు అభిమానం దిశనే మార్చింది. తెలుగు సినిమాలో హీరో ఒక్కడే, పాత్రలు మారతాయి. ఇక్కడ పాత్ర ఒక్కటే, మనుషులు మారతారు. అందుకే ఇక్కడి అభిమాని విధేయత నటుడి దగ్గర ఆగదు, కథ తెగకుండా సాగడం మీదకు పోతుంది. మన అభిమాన సంఘాల భక్తిలోనే ధిక్కారం కూడా ఉందని సినీ పరిశోధకులు ఎస్.వి. శ్రీనివాస్ చూపారు. ‘డాక్టర్ హూ’ అభిమానికీ ఆ రెండూ ఉన్నాయి. అతని ధిక్కారం మాత్రం పాత కథ పేరు మీద సాగుతుంది.

అభిమానుల అధ్యయనంలో రెండు పుస్తకాలు ఈ చర్చకు పునాది. హెన్రీ జెంకిన్స్ 1992లో ‘టెక్స్‌చువల్ పోచర్స్’లో, అభిమానులు పరాయి పొలంలో దొరికినది ఏరుకుని సొంత అర్థాలు వండుకుంటారన్నారు. 1995లో జాన్ టల్లక్‌తో కలిసి ఆయన వెలువరించిన ‘సైన్స్ ఫిక్షన్ ఆడియన్సెస్’లో టల్లక్ ‘డాక్టర్ హూ’ అభిమానులను అధికారం లేని ఉన్నత వర్గంగా వర్ణించారు. సీరియల్ గురించి అందరికన్నా ఎక్కువ తెలిసినవాళ్లు వాళ్లే, దాని మీద ఏ పట్టూ లేనివాళ్లూ వాళ్లేనని ఆయన భావం. ఆ మాట వెలువడిన పదేళ్లకే పరిస్థితి తలకిందులైంది. ఈ వ్యాసం ఆ మార్పు దగ్గర మొదలవుతుంది. ప్రసారమైన ఎపిసోడ్లు, నిర్మాణ చరిత్ర, అభిమానుల్లో దీర్ఘకాలం నలిగిన వివాదాలు ఇక్కడ ఆధారాలు.

2. వనవాసం: వ్యాఖ్యాతలు తయారైన కాలం

1985 ఫిబ్రవరిలో బీబీసీ సీరియల్‌ను ఏడాదిన్నర ఆపుతున్నట్టు ప్రకటించింది. మళ్లీ మొదలైనా పూర్వపు ఆదరణ రాలేదు. 1989 డిసెంబర్ 6న 26వ సీజన్ చివరి ఎపిసోడ్ ప్రసారమైంది, అక్కడితో ఆగిపోయింది. 1996లో పాల్ మెగ్యాన్ డాక్టర్‌గా ఒక టెలివిజన్ సినిమా వచ్చింది గానీ దాని వెనక సీరియల్ రాలేదు. 1989 నుంచి 2005 దాకా గడిచిన కాలాన్ని అభిమానులు వనవాసపు ఏళ్లుగా చెప్పుకుంటారు.

ఆ వనవాసంలో అభిమానులు ఖాళీగా కూర్చోలేదు. బీబీసీ 1960లు, 70లలో పాత టేపులను చెరిపేసింది. 90కి పైగా ఎపిసోడ్ల దృశ్యం చాలాకాలంగా కనిపించకుండా పోయింది. అయినా ప్రతి ఎపిసోడ్ శబ్దమూ మిగిలే ఉంది. ప్రసారమవుతుండగా ఇళ్లలో కొందరు ప్రేక్షకులు టేపు రికార్డర్లతో పట్టుకున్నారు గనక మిగిలింది. తాళపత్రం శిథిలమైనా ఎవరో రాసుకున్న ప్రతి వల్ల కావ్యం దక్కినట్టే ఇది. 1991 నుంచి కొత్త నవలలు, 1999 నుంచి శ్రవ్య నాటకాలు వచ్చాయి. వాటిని రాసినవాళ్లలో చాలామంది చిన్నప్పుడు ఈ సీరియల్ చూసి పెరిగినవాళ్లే. పాల్ కార్నెల్ 1995లో రాసిన ‘హ్యూమన్ నేచర్’ నవల 2007లో టీవీ కథ అయింది. రాబర్ట్ షియర్‌మన్ 2003లో రాసిన ‘జూబిలీ’ అనే శ్రవ్య నాటకం 2005 నాటి ‘డాలెక్’ ఎపిసోడ్‌కు మూలం. సీరియల్‌ను తిరిగి నిలబెట్టిన రసెల్ టి డేవిస్ కూడా 1996లో ఈ వరసలో ఒక నవల రాసినవాడే.

2005 మార్చి 26న ‘రోజ్’ ఎపిసోడ్‌తో కొత్త సీరియల్ మొదలైంది. బ్రిటన్‌లో సుమారు కోటీ 8 లక్షల మంది చూశారు. రాసేవాళ్లు, దాని గురించి వాదించేవాళ్లు ఒకే బడిలో చదువుకున్నవాళ్లయ్యారు.

3. చర్చ చేసే మూడు పనులు

ఆగిన కావ్యాన్ని మరొకరు అందుకోవడం తెలుగువాళ్లకు కొత్త సంగతి కాదు. నన్నయ భారతం అరణ్యపర్వం మధ్యలో ఆగింది. తిక్కన ఆ మిగులును ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు. ఆ ఖాళీని తర్వాత ఎర్రన పూరించి, నన్నయకు ఆశ్రయమిచ్చిన రాజరాజనరేంద్రుడి పేరనే చెప్పాడు. కొత్త ‘డాక్టర్ హూ’ ఎపిసోడ్ల మీద జరిగే వాదాలను చదవడానికి ఈ నమూనా పనికొస్తుంది. అభిమాని మొదటి ప్రశ్న ఎపిసోడ్ బాగుందా అని కాదు, ఇది ఎక్కడ అతుకుతుంది అని.

3.1 ఖాళీ. డేవిస్ తిక్కన దారి పట్టాడు. 1996 సినిమాకూ 2005కూ మధ్య ఏం జరిగిందో చూపకుండా నేరుగా కొత్త డాక్టర్ క్రిస్టఫర్ ఎకిల్‌స్టన్‌తో మొదలుపెట్టాడు. మధ్యలో కాల మహాయుద్ధం జరిగిందనీ, డాక్టర్ జాతి నశించిందనీ మాటల్లో మాత్రమే తెలిసింది. ఆ యుద్ధం చేసింది ఏ ముఖమన్న ప్రశ్న ఎనిమిదేళ్లు నలిగింది. డేవిస్ తర్వాత సీరియల్ పగ్గాలు పట్టిన స్టీవెన్ మాఫట్ 2013లో ఎర్రన పని చేశాడు. నవంబర్ 14న విడుదలైన ‘ద నైట్ ఆఫ్ ద డాక్టర్’ అనే చిన్న చిత్రంలో మెగ్యాన్ తిరిగి వచ్చి, మరణించి, జాన్ హర్ట్ పోషించిన యుద్ధకాలపు డాక్టర్‌గా మారాడు. కళ్లు మూసేముందు శ్రవ్య నాటకాల్లోని తన సహచరుల పేర్లు తలచుకున్నాడు. సామాన్య ప్రేక్షకుడికి అవి ఊరికే పేర్లు. అభిమానికి మాత్రం వనవాసంలో పుట్టిన సాహిత్యానికి పడిన రాజముద్ర. అదే నెల 23న 50 ఏళ్ల ప్రత్యేక ఎపిసోడ్ 94 దేశాల్లో ఒకేసారి ప్రసారమైంది.

3.2 లెక్క. 1976లో రాబర్ట్ హోమ్స్ ‘ద డెడ్లీ అసాసిన్’ కథలో, డాక్టర్ జాతివాళ్లు పన్నెండుసార్లే దేహం మార్చుకోగలరని ఒక పాత్ర చేత అనిపించాడు. అప్పటికి తెర మీదకు వచ్చింది నాలుగో డాక్టరే కాబట్టి ఆ మాట ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. హర్ట్ పాత్ర చేరడంతో లెక్క మారింది. అతడు ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్యవాడు. పదో డాక్టర్ డేవిడ్ టెన్నంట్ 2008లో ఒకసారి మార్పు మొదలై అదే ముఖంతో మిగిలాడు, అదీ ఖాతాలో పడుతుంది. అంటే మ్యాట్ స్మిత్ పదకొండోవాడిగా పేరుపడ్డా పదమూడో ప్రాణం మీద ఉన్నాడు. ఈ లెక్కను 2013 క్రిస్మస్ నాటి ‘ద టైమ్ ఆఫ్ ద డాక్టర్’ కథకే ఇరుసు చేశారు. ముసలివాడై చావుకు సిద్ధపడ్డ డాక్టర్‌కు కొత్త జన్మల వరుస దక్కింది. అవధానంలో సమస్య ఇచ్చిన పృచ్ఛకుడు పూరణం కోసం కాచుకు కూర్చుంటాడు. ఇక్కడ 1976 నాటి సమస్యకు 37 ఏళ్ల తర్వాత పూరణం వచ్చింది.

3.3 ప్రక్షిప్తం. 1996 సినిమాలో డాక్టర్ తల్లివైపు నుంచి సగం మనిషి అన్న మాట ఉంది. చాలామంది అభిమానులు దాన్ని జీర్ణించుకోలేదు. కొత్త సీరియల్ కూడా దాని మీద ఏమీ కట్టలేదు. అలా ఒక వాక్యం ప్రక్షిప్తమై పక్కకు తొలగింది. దీనికి ఎదురు ఉదాహరణ 1976 జనవరి నాటి ‘ద బ్రెయిన్ ఆఫ్ మోర్బియస్’. మనోబలాల పోటీలో తెర మీద డాక్టర్ ముఖాలు వెనక్కి వెనక్కి కనిపిస్తాయి. హార్ట్‌నెల్ తర్వాత ఇంకా ఎనిమిది ముఖాలొస్తాయి. వేషం కట్టింది ఆ సీరియల్ సిబ్బందే. హార్ట్‌నెలే మొదటివాడని అప్పటికే ‘ద త్రీ డాక్టర్స్’ చెప్పింది. మరి ఈ ఎనిమిదిమంది ఎవరు? ఆ ముఖాలు ప్రత్యర్థివని ఒక పక్షం, డాక్టర్‌వేనని ఇంకో పక్షం వాదించాయి. 2020 మార్చి 1న ‘ద టైమ్‌లెస్ చిల్డ్రన్’ ఆ ముఖాలను మళ్లీ చూపి, హార్ట్‌నెల్‌కు ముందు డాక్టర్‌కు లెక్కలేనన్ని మరచిపోయిన జన్మలున్నాయని తేల్చింది.

4. వ్యాఖ్యాత చేతికి గంటం

‘ద టైమ్‌లెస్ చిల్డ్రన్’ రాసినవాడు క్రిస్ చిబ్నల్. 1986 డిసెంబర్‌లో, పదహారేళ్ల వయసులో, బీబీసీ ‘ఓపెన్ ఎయిర్’ కార్యక్రమానికి అభిమాన సంఘం తరఫున వెళ్లి, అప్పటి కథల్లో కొత్తదనం లేదని ఆ రచయితల ముందే అన్న కుర్రాడు అతడే. 2018 నుంచి 2022 దాకా ఆ సీరియల్ పగ్గాలు అతని చేతిలోనే ఉన్నాయి. జోడీ విట్టకర్ తొలి మహిళా డాక్టర్‌గా నటించింది అతని కాలంలోనే. 2018 నవంబర్ 11న వచ్చిన, వినయ్ పటేల్ రాసిన ‘డీమన్స్ ఆఫ్ ద పంజాబ్’ దేశ విభజనను బ్రిటిష్ పంజాబీ కుటుంబ కథగా చెప్పింది కూడా అప్పుడే.

అభిమాని రచయిత అయితే పాతదాన్ని కంటికి రెప్పలా కాస్తాడన్నది సాధారణ ఊహ. చిబ్నల్ ఉదాహరణ దాన్ని తప్పని చూపుతుంది. సీరియల్ మూలకథను అందరికన్నా ఎక్కువగా కదిలించినవాడు అభిమానే. కదిలించినదీ బయటి వస్తువుతో కాదు, అభిమానులు 44 ఏళ్లు మోసిన సందేహంతోనే. కాబట్టి ఆ ఎపిసోడ్ మీద రేగిన గొడవను పాతా కొత్తల తగవుగా చదివితే సరిపోదు. ఒకే ఖాళీని తెరిచి ఉంచాలన్న వ్యాఖ్యాతలకూ, పూడ్చాలన్న వ్యాఖ్యాతకూ మధ్య తగవు అది. ఖాళీ ఉన్నంతకాలం ఎవరి వ్యాఖ్యానం వాళ్లది. పూడ్చాక ఒక్కరిదే నిలుస్తుంది. అభిమానులకు కోపం తెప్పించింది జవాబు ఒక్కటే కాదు, ప్రశ్న చేజారిపోవడం కూడా.

5. తెర లోపలి ప్రేక్షకుడు

సీరియల్ ఈ సంబంధాన్ని తానే మూడుసార్లు చిత్రించుకుంది. 1988 డిసెంబర్‌లో మొదలైన ‘ద గ్రేటెస్ట్ షో ఇన్ ద గెలాక్సీ’లో కళ్లద్దాల కుర్రాడొకడు సర్కస్‌కు వస్తాడు. పాత రోజులు తాను చూడలేదంటాడు, అయినా ఇప్పటిది అప్పటంత బాగా లేదనీ అంటాడు. అదే సర్కస్ గోదాలో చనిపోతాడు. గ్యాలరీలో ఎప్పుడూ తృప్తి పడని ఒక కుటుంబం కూర్చుని వినోదం అడుగుతూనే ఉంటుంది. అది రాసినవాళ్ల చిరాకు. ఏడాది తిరిగేసరికి సీరియలే ఆగింది.

2006 జూన్ 17న వచ్చిన డేవిస్ కథ ‘లవ్ అండ్ మాన్‌స్టర్స్’లో, డాక్టర్‌ను వెతికే కొందరు నేలమాళిగలో కలుస్తారు. మొదట సమాచారం పోగేస్తారు, తర్వాత తినుబండారాలు తెచ్చుకుంటారు, ఆపైన పాటలు పాడుకుంటారు. వెతుకులాట వెనకబడి స్నేహం ముందుకొస్తుంది. అప్పుడొకడు వచ్చి క్రమశిక్షణ పెడతాడు, పనులు పంచుతాడు, ఒక్కొక్కరినీ తన ఒంట్లోకి పీల్చుకుంటాడు. అభిమానాన్ని ఉద్యోగంగా మార్చేవాడే ఇక్కడి రాక్షసుడు.

మూడోది 2025 ఏప్రిల్ 19 నాటి ‘లక్స్’. షూటీ గట్వా పోషించిన డాక్టరూ, కేరళలో పుట్టిన వరదా సేతు పోషించిన బెలిండా చంద్రా టీవీ తెర చీల్చుకుని ఒక ఇంట్లో పడతారు. అక్కడ ముగ్గురు ‘డాక్టర్ హూ’ అభిమానులు కూర్చుని ఉంటారు. అన్నిటికన్నా తమకు నచ్చింది ‘బ్లింక్’ అని డాక్టర్ మొహం మీదే చెప్తారు. అది 2007 నాటిది, డాక్టర్ పెద్దగా కనిపించనిది. తర్వాత ఆ ముగ్గురూ తామూ కల్పితమేననీ, డాక్టర్ వెళ్లగానే మాయమవుతామనీ గ్రహించి, అయినా అతణ్ణి సాగనంపుతారు. 1988లో గోదాలో చనిపోయిన అభిమాని ఇక్కడ కథానాయకుణ్ణి కాపాడతాడు. ఎపిసోడ్ చివర్లో వాళ్లు మాయం కాలేదని చూపి, ఆ ఎపిసోడ్ మీద వాళ్ల మాటలే వినిపించారు. చర్చ కథ తర్వాతి సంగతిగా కాక కథలోని ఆఖరి దృశ్యంగా మారింది.

6. ముగింపు

టల్లక్ చెప్పిన అధికారం లేని ఉన్నత వర్గం నుంచే 2005 తర్వాత రచయితలు, నిర్మాతలు, నటులు వచ్చారు. 1974లో రేడియో టైమ్స్ పత్రికకు ఉత్తరం రాసిన స్కూలు కుర్రాడు పీటర్ కపాల్డీ 2013లో డాక్టర్ అయ్యాడు. దీంతో వ్యాఖ్యాతకూ కవికీ మధ్య గోడ పలచబడింది, కూలలేదు. గంటం పట్టినవాడి పూరణాన్ని ప్రక్షిప్తమనే హక్కు బయట కూర్చున్నవాళ్ల దగ్గరే ఉంది. ఆ హక్కును తీసుకోవాలని చూసిన కథలు రగడ తెచ్చాయి. దానికి చోటు వదిలిన కథలు ఎక్కువకాలం మాట్లాడించాయి.

2025 మే 31న గట్వా డాక్టర్ దేహం మారినప్పుడు కనిపించిన ముఖం, 2005లో డాక్టర్ సహచరి రోజ్ పాత్రలో వచ్చిన బిల్లీ పైపర్‌ది. చివరి పేర్లలో ఆమెను పరిచయం చేశారు. ఆమె ఏ పాత్ర వేస్తోందో రాయలేదు. రాయని ఆ పాత్ర పేరు మీదే ఆ రాత్రి నుంచి చర్చ సాగింది. ఆ ఖాళీని వదిలింది మళ్లీ పగ్గాలు పట్టిన డేవిస్, వనవాసంలోనే ఈ వరసలో నవల రాసినవాడు. అందులోకి ఎవరు దూకుతారో అతనికి తెలుసు.