58 రూపాయలు ఎవరికి వెళ్ళాయి?

సోమాజిగూడలో ఎర్రమంజిల్ బస్టాపు పక్కన హైదరాబాద్ స్టాక్ ఎక్స్‌చేంజి ఉండేది. 1943లో పుట్టింది. సగానికి పైగా వాటాని బ్రోకర్లు కానివాళ్ళకి ఇవ్వాలన్న నిబంధనని గడువులోగా తీర్చలేక 2007లో సెబీ గుర్తింపు పోగొట్టుకుంది. రెండేళ్ళు తిరక్కుండానే మన ఊరి కంపెనీ సత్యం చేతులు మారింది. ఆ బేరాన్ని మనం ముంబై తెరల మీదే చూశాం.

2008 డిసెంబర్ 16న సత్యం బోర్డు, రామలింగరాజు కుటుంబానికే చెందిన రెండు మేటాస్ కంపెనీలని 160 కోట్ల డాలర్లకి కొనాలని తీర్మానించింది. అప్పటి 1956 కంపెనీల చట్టం ప్రకారం బోర్డు సరేనంటే చాలు, వాటాదారుల్ని అడగక్కర్లేదు. మదుపర్లు మండిపడితే కొన్ని గంటల్లోనే వెనక్కి తగ్గారు. 2009 జనవరి 7న రాజు ఉత్తరం బయటికొచ్చింది. లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్లు అసలు లేవు. 179 దగ్గరున్న షేరు ఆ సాయంత్రానికి 40 దగ్గరికి పడింది.

ప్రభుత్వం కంపెనీ లా బోర్డుకి వెళ్ళి పాత డైరెక్టర్లని తప్పించి, తన మనుషుల్ని పెట్టింది. ఇక అమ్మకం. ఇక్కడో చిక్కు. ఓపెన్ ఆఫర్ ధర గత 26 వారాల సగటుకి తగ్గకూడదని టేకోవర్ నిబంధన. ఆ సగటేమో దొంగ లెక్కల మీద లేచిన ధర. అందుకని సెబీ ఫిబ్రవరిలో ఇలాంటి కంపెనీలకి మినహాయింపు ఇచ్చేలా నిబంధననే సవరించింది. ఏప్రిల్ 13న టెక్ మహీంద్రా షేరుకి 58 రూపాయలతో వేలం గెలిచింది. ఎల్ అండ్ టీ 45.90 దగ్గరే ఆగిపోయింది.

ఆ 58 ఎవరికి వెళ్ళింది? కొన్నది పాతవాళ్ళ షేర్లు కాదు, కొత్తగా పుట్టించిన 31 శాతం వాటా. కాబట్టి ఆ 1,756 కోట్లూ నేరుగా కంపెనీ ఖజానాలోకి వెళ్ళాయి. జీతాలు ఆగలేదు, క్లయింట్లు చాలామంది నిలబడ్డారు. యజమాని వేరు, కంపెనీ వేరు అన్న పాత న్యాయసూత్రం అక్షరాలా పనిచేసింది.

అదే సూత్రానికి రెండో అంచు కూడా ఉంది. కంపెనీ వేరు, వాటాదారుడు వేరు. అమెరికాలో సత్యం షేర్లు కొన్నవాళ్ళు అక్కడి కోర్టులో కలిసికట్టుగా దావా వేస్తే, 2011లో కంపెనీ 12.5 కోట్ల డాలర్లకి రాజీపడింది. ఇక్కడ పరిహారం కోసం సుప్రీం కోర్టు తలుపు తట్టిన మదుపర్ల సంఘం ఉత్త చేతులతో తిరిగొచ్చింది. అమెరికా వాళ్ళకి కట్టిన డబ్బు కంపెనీది. అంటే అందులో షేర్లు పట్టుకుని కూర్చున్న మనవాళ్ళ వాటా కూడా ఉంది. మోసపోయినవాళ్ళే తోటి మోసపోయినవాళ్ళకి నష్టపరిహారం కట్టారన్నమాట. 2013లో విలీనమయ్యాక 17 సత్యం షేర్లకి 2 టెక్ మహీంద్రా షేర్లు చేతికొచ్చాయి.

అదే ఏడు వచ్చిన కొత్త కంపెనీల చట్టంలో 245వ సెక్షన్ చేరింది. వాటాదారులు కలిసి దావా వేసే హక్కు అది. అమల్లోకి వచ్చింది మాత్రం 2016లో.

సత్యాన్ని కాపాడారని మనం గర్వంగా చెప్పుకుంటాం. నిజమే, కంపెనీని కాపాడారు. దాన్ని నమ్మి షేర్లు కొన్నవాళ్ళని కాపాడే చట్టం మాత్రం వాళ్ళు మునిగాక వచ్చింది.